వంద రూపాయల విరుగుడు

మా మేనల్లుడికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. చేర్పించడానికి మా బావగారితో పాటు నేనూ వెళ్లాను. ఫీజు కట్టి రసీదు జేబులో పెట్టుకునేలోగా గుమాస్తా అడిగాడు: "డ్రగ్స్ బాండ్ ఏదండీ?"

బావగారు గతుక్కుమన్నారు. ఆయన ఇన్నేళ్లలో ఎరిగిన మత్తల్లా పొగాకు చుట్ట ఒక్కటే. "అదేం బాండు బాబూ?"

"మత్తు పదార్థాలు ముట్టనని అబ్బాయి వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసివ్వాలి. మీరు సంతకం పెట్టాలి. గేటు బయట జిరాక్స్ షాపులో రెడీగా ఉంటాయి."

నిజంగానే రెడీగా ఉన్నాయి. పేరు, ఊరు, తండ్రి పేరు ఖాళీలు నింపితే చాలు. పక్క కుర్చీలో నోటరీ గారు కుర్రాడి మొహం చూడకుండానే ముద్ర గుద్దారు. అదే కౌంటర్ మీద గాజు సీసాలో సిగరెట్లు, దాని పక్కన సన్నటి రోలింగ్ పేపర్ల ప్యాకెట్లు. బడికీ కాలేజీకీ వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003లోనే చట్టం చేశారు. ఆ ముక్క కాలేజీ గోడ మీద ఎర్ర రంగుతో రాసి కూడా ఉంది. షాపు ఆ గోడకే ఆనుకుని ఉంది. గంజాయి చుట్టుకునే కాగితం, చుట్టుకోనని రాసిచ్చే కాగితం ఒకే చోట దొరకడం నేను చూడటం అదే మొదలు. రెండోది ఖరీదెక్కువ.

బాండు చదివాను. మద్యం, సిగరెట్, గుట్కా, గంజాయి, 'తదితర మత్తు పదార్థాలు' వాడినా, దగ్గర ఉంచుకున్నా, వాడేవాళ్లతో తిరిగినా విచారణ లేకుండా టీసీ ఇచ్చి పంపేస్తారట. బీరు సీసాకీ హెరాయిన్ పొట్లానికీ ఒకే నిబంధన, ఒకే శిక్ష. సమానత్వం అంటే ఇదీ! చివరి వాక్యం ఒక్కటే లావుపాటి అక్షరాల్లో ఉంది: 'చెల్లించిన ఫీజు తిరిగి ఇవ్వబడదు.' కుర్రాడు పోవచ్చు గానీ ఫీజు మాత్రం క్యాంపస్ గేటు దాటదన్నమాట.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పండే గంజాయిని ఆపడానికి పోలీసులు కొండలెక్కి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు. అంత మంటకూ ఆగని సరుకు మన కాలేజీ గేటు దగ్గరికి వచ్చి, స్టాంపు పేపరు చూసి, దండం పెట్టి వెనక్కి మళ్లుతుందట. నమ్ముదాం. నమ్మకపోతే అడ్మిషన్ ఇవ్వరు.

ఇక జూన్ 26. మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. కాలేజీలకు అది ఫ్లెక్సీల పండగ. ఫ్లెక్సీలో ముప్పాతిక భాగం చైర్మన్ గారు, మూలన చిన్న పుర్రె బొమ్మ. ర్యాలీకొస్తే అటెండెన్స్ ఇస్తారు కాబట్టి పిల్లలంతా వస్తారు. కుడిచెయ్యి చాపి ప్రతిజ్ఞ చేస్తారు, ఎడమచేత్తో సెల్ఫీ దిగుతారు. మర్నాటి పేపర్లో ఫొటో వస్తుంది. ఆ ఏటికి మత్తు సమస్య తీరిపోతుంది.

"మా క్యాంపస్‌లో డ్రగ్స్ కేసులు సున్నా" అని ఏ ప్రిన్సిపాల్ గారినడిగినా చెబుతారు. అబద్ధం కాదు. ఆ సున్నా వెనక లెక్క ఉంది. దొరికిన కుర్రాడికి ఆ సాయంత్రమే టీసీ చేతిలో పెడతారు. రేపటికి వాడు మన విద్యార్థి కాడు. మన విద్యార్థుల్లో దొరికినవాడు ఒక్కడూ లేడు. వాడు ఇంకో ఊళ్లో ఇంకో కాలేజీలో ఇంకో వంద రూపాయల బాండు రాసిస్తాడు. అక్కడా సున్నాయే. పైన పటారం, లోన లొటారం.

మరేం చెయ్యమంటారు, గంజాయి గాళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకోమంటారా అని యాజమాన్యాలు అడుగుతాయి. అమ్మేవాణ్ని పోలీసులకు పట్టివ్వండి, ఎవరూ అడ్డు రారు. వాడేవాడి సంగతి వేరు. ఈ విషయంలో చట్టమే మీకన్నా మెత్తన. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఎంత కఠినమో అందరికీ తెలుసు. ఆ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వచ్చి, దాన్ని పూర్తి చేస్తే, వాడకం కేసులోనూ కొద్దిపాటి సరుకు కేసులోనూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. జైళ్లు కట్టిన ప్రభుత్వం ఒక తలుపు తెరిచి ఉంచింది. చదువు చెప్పే కాలేజీ ఉన్న ఒక్క తలుపుకూ టీసీ అంటించింది.

దీని ఫలితం హాస్టల్లో కనిపిస్తుంది. రూమ్మేట్ రాత్రుళ్లు నిద్రపోవడం లేదని, చేతులు వణుకుతున్నాయని పక్క మంచం కుర్రాడికి తెలుసు. వార్డెన్‌కి చెబితే వాడి చదువు పోతుంది. 'వాడేవాళ్లతో తిరిగినా' అన్నారు గనక, చెప్పినవాడి చదువుకూ గ్యారంటీ లేదు. అందుకని నోరు మూసుకుంటాడు. వాంతులయినా, స్పృహ తప్పినా గది తలుపు వేసే ఉంటుంది. మీ బాండు మత్తును ఆపలేదు, మాటను ఆపింది.

తిరిగి వస్తుంటే బస్సులో మేనల్లుడు అడిగాడు: "మామయ్యా, నాకెప్పుడైనా అలాంటి ఇబ్బందొస్తే ఎవరికి చెప్పాలో ఆ కాగితంలో ఉందా?" మళ్లీ తీసి చూశాను. లేదు. నోటరీ ముద్ర ఉంది.

కాబట్టి యాజమాన్యాలకు ఒక మనవి. ఆ బాండులో లావుపాటి అక్షరాలు ఎలాగూ వాడుతున్నారు. ఫీజు మాట కాస్త సన్నం చేసి, ఆ చోట మూడు నంబర్లు అచ్చువేయండి. తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972, వ్యసనం మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. వీటికి ఫోన్ చెయ్యడానికి స్టాంపు పేపరు అక్కర్లేదు.