జలుబు జ్వరాల పద్యం: టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది)

వేడి కొలిచి చూడు వేగిరపడబోకు
నీరు తాగి తాగి నిద్రపొమ్ము
మాత్ర మింగు లెక్క మరువక జావతో
మూడునాళ్ళు మించ మొగము చూపు

టీక

(ఓ రోగీ! అని అధ్యాహారం.) వేడి = ఒంటి తాపాన్ని; కొలిచి = థర్మామీటరుతో లెక్కగట్టి; చూడు = అంకెను చదువు; వేగిరపడబోకు = తొందరపడి మందుల షాపుకు పరుగెత్తకు; నీరు = మంచినీళ్ళు మొదలైన ద్రవాలను; తాగి తాగి = మాటిమాటికీ తాగి; నిద్రపొమ్ము = పడుకో; మాత్ర = పారాసెటమాల్ బిళ్ళను; లెక్క మరువక = ఎన్ని వేసుకున్నదీ, ఎప్పుడు వేసుకున్నదీ మరిచిపోకుండా; జావతో = జావ తాగి; మింగు = మింగుము; మూడునాళ్ళు మించన్ = మూడు రోజులు దాటినచో; మొగము = ముఖమును; చూపు = చూపించుము.

తాత్పర్యం

జలుబు, దగ్గు, మామూలు జ్వరం చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ఈలోగా ఇంట్లో చేయవలసింది వేడిని కొలవడం, ఒంటికి నీళ్ళు అందించడం, పడుకోవడం, బిళ్ళల లెక్క తప్పకపోవడం. తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

విశేషాలు

‘వేడి’: జ్వరం అనక వేడి అనడం సాభిప్రాయం. జ్వరం రోగం కాదు, రోగలక్షణం. క్రిమి ఒంట్లో చొరబడినప్పుడు మెదడులోని హైపోథాలమస్ వేడి మట్టాన్ని కావాలనే పైకి జరుపుతుంది. మట్టం 102 డిగ్రీలకు జరిగి, ఒళ్ళింకా 99 దగ్గరే ఉంటే, ఆ ఒంటికి అది నడి మాఘమాసం. అందుకే మే నెలలో కూడా రెండు దుప్పట్లు, ఫ్యాను కట్టేయమని కేకలు. మట్టం కిందికి దిగినప్పుడు చెమట పడుతుంది. చలితో వణికేవాడు తనకు జ్వరమంటే నమ్మకపోవడం సహజమే కాబట్టి, తరవాతి పదం.

‘కొలిచి’: పూర్వపక్షి అంటాడు: నుదుటి మీద చెయ్యి వేస్తే తెలియదా, తరతరాల అమ్మలు చేసిన పని ఇదే కదా? దీనికి సమాధానం. చెయ్యి తన వేడితో పోల్చి చెబుతుంది తప్ప కొలిచి చెప్పదు. అప్పుడే గిన్నెలు కడిగి వచ్చిన చేతికి అందరి నుదురూ కాలుతుంది. పొయ్యి దగ్గరి నుంచి వచ్చిన చేతికి ఎవరి నుదురూ కాలదు. చెయ్యి వేయడం ప్రేమకు ప్రమాణం, జ్వరానికి కాదు. 98.6 అనే అంకెను వాడుకలోకి తెచ్చినవాడు జర్మను వైద్యుడు వుండర్లిష్, 1868లో. నిజానికి ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉంటుంది, 98.9 చూసి సెలవు చీటీ రాయనక్కర్లేదు. 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, దాటితే జ్వరమని వైద్యుల లెక్క. చంకలో పెట్టి చూస్తే నోటిలో కంటే ఇంచుమించు ఒక డిగ్రీ తక్కువ చూపుతుంది. వేడి కాఫీ తాగిన వెంటనే నాలుక కింద పెడితే వచ్చేది కాఫీ జ్వరం. పావుగంటో అరగంటో ఆగాలి.

ఇక్కడ ఒక చర్చ. మందుల డబ్బా మాట పద్యంలో ఎక్కడా లేదు. మెదకు సీమలోని కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు (కాళిదాస కావ్యాలకు తాను రాసిన వ్యాఖ్యకు మాత్రం మందు పేరే పెట్టాడు, సంజీవని అని). ఆ ఒట్టు ఇక్కడా తప్పనక్కర్లేదు, అర్థాపత్తి ఉంది. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడంటే రాత్రి తింటున్నాడని అర్థం. అట్లాగే రాత్రి రెండు గంటలకు ‘కొలిచి చూడు’ అన్నాడంటే, థర్మామీటరు అంతకు ముందే ఇంట్లో ఉందని అర్థం. కాబట్టి డబ్బా సర్దుకోవడం పద్యానికి పూర్వాంగం, అది చేయవలసినవాడు ఆరోగ్యవంతుడు.

తెలుగింట ఈ డబ్బా ఒకనాటి స్వీట్ల డబ్బాయో బిస్కట్ల డబ్బాయో అయి ఉంటుంది. మూత తీస్తే పైన కనిపించేవి: సగం వాడి మూత బిగుసుకుపోయిన దగ్గు సిరప్, పేరున్న వైపు చింపేసిన నాలుగు బిళ్ళల స్ట్రిప్పు, పోయిన తాతగారి బీపీ మాత్రలు, రబ్బరు బ్యాండు, గుడి నుంచి వచ్చిన కుంకుమ పొట్లం. ఇందులో ఉంచవలసింది కుంకుమ ఒక్కటే, అదీ దేవుడి గూట్లో. ఉండవలసినవి కొద్దే: పనిచేసే థర్మామీటరు, గడువు తేదీ కనిపించే పారాసెటమాల్ స్ట్రిప్పు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక సెటిరిజిన్, దూది, బ్యాండేజి, కుటుంబ వైద్యుడి ఫోను నంబరు రాసిన కాగితం. చోటు పొయ్యి పక్కనా కాదు, స్నానాల గదిలోనూ కాదు. వేడీ చెమ్మా తగలని, పిల్లల చేతికి అందని అలమర.

‘వేగిరపడబోకు’: జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో రైనోవైరస్‌ది పెద్ద వాటా. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాను. అయినా రెండో రోజు పొద్దున్నే షాపుకు వెళ్ళి ‘అజిత్రో మూడు ఇవ్వండి’ అనడం ఆచారమైపోయింది. చీటీ లేకుండా అమ్మరాదన్న చట్టం గోడకు వేలాడుతూ ఉంటుంది, దాని కిందే బేరం జరుగుతుంది. పల్లెల్లో ఇదే వేగిరపాటు సూది రూపం దాలుస్తుంది. సూది పడకపోతే డాక్టరు చూసినట్టు లెక్కలోకి రాదు. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అనే వాడుక మాట ఈ పదానికి సరైన వ్యాఖ్య.

‘పడిశం పది రోగాల పెట్టు’ అనే సామెతను ఎదురు తేవచ్చు. ముక్కు ఎడతెరిపి లేకుండా కారడం, తల దిమ్ము, గొంతు గరగర, నోటికి రుచి లేకపోవడం, చెవుల దిబ్బడ కలిపితే పదికి దగ్గరే. కానీ సామెత చెప్పేది బాధల సంఖ్య, పది మందులు కొనమని కాదు.

పాఠాంతరం: వ్యాధిగ్రస్తుల నోట ఈ పద్యం మరో రూపంలో వినిపిస్తుంది. ముక్కు మూసుకుపోయినప్పుడు అనునాసికాలు పలకవు, మకారం బకారమవుతుంది: ‘బాత్ర బింగు లెక్క బరువక జావతో, బూడుదాళ్ళు బించ బొగబు చూపు’. రెండు పాదాల్లోనూ యతి చెడలేదు. పద్యకర్త దీన్ని ముందే ఊహించాడని చెప్పవచ్చు. పద్యమూ వ్యాఖ్యా ఒకే చేతివి కాబట్టి కాదనేవారు లేరు. అసలు జబ్బు పేరే పాఠాంతరాల పుట్ట. కోస్తాలో రొంప, పడిశం, తెలంగాణలో సర్ది, బడి పుస్తకంలో జలుబు. ముక్కు కారడం అంతటా ఒక్కటే.

‘నీరు’: ఉపలక్షణం. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పలచటి మిరియాల చారు, గంజి తేట అన్నీ ఇందులో చేరతాయి. ఒంటి వేడి ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే ఒళ్ళు చేసే ఖర్చు పది శాతానికి పైగా పెరుగుతుంది, నీటి అవసరమూ దానితోపాటే. ‘తాగి తాగి’ అనే ఆమ్రేడితం చెంబెడు ఒక్కసారి ఎత్తమని కాదు, గుక్కగుక్కగా అని. తాగినది చాలిందో లేదో చెప్పేది మూత్రం రంగు.

వాంతులో విరేచనాలో తోడైతే వట్టి నీరు చాలదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో కలరా విజృంభించి సెలైను సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించాడు. ఇప్పటి ఓఆర్ఎస్ పొట్లానికి అది పెద్ద నిదర్శనం. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు, సాయంత్రం ఇంకో చిటికెడు అనే పొదుపు పనికిరాదు. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, తలకొట్టి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి రంగునీళ్ళు ఇవి కావు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.

‘నిద్రపొమ్ము’: అర్థం స్పష్టం, ఆచరణే కష్టం. ఫోను చేతిలో పట్టుకుని పడుకోవడం ఇందులోకి రాదు. నుదుటికి అమృతాంజనం అనుక్తమైనా అనుమతమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దీన్ని మొదలుపెట్టి, ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. తెలుగు పత్రికారచనకు మూలధనం జనం తలనొప్పులే అనడం అతిశయోక్తి కాదు. ఆవిరి పడితే ముక్కుకు కాసేపు హాయి, అంతకుమించి ఆశించరాదు. మరిగే గిన్నెను పిల్లల ఒడిలో పెట్టి దుప్పటి కప్పడం మాత్రం కాలిన గాయాల వార్డుకు దారి. దగ్గుకు చెంచా తేనె మంచిదే, ఏడాది నిండని బిడ్డకు తప్ప.

‘మాత్ర’: శ్లేష. ఛందస్సులో మాత్ర అంటే కాలం కొలత. సంస్కృతంలో ఆ మాటకు పరిమాణమని అర్థం. మాత్ర అంటేనే కొలత అయినప్పుడు మళ్ళీ ‘లెక్క’ ఎందుకు, పునరుక్తి కాదా? కాదు. మాత్రను మాత్రగా చూడని లోకం కోసం కవి ఆ మాట రెట్టించాడు. పెద్దలకు 500 మి.గ్రా. బిళ్ళ ఒకటో రెండో, 650 అయితే ఒకటి. రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరైతే మేలు. రోజంతటికీ 4,000 మి.గ్రా. మించరాదు. అంటే 500వి ఎనిమిది, 650వి ఆరు, అదీ పైహద్దు. చిక్కెక్కడంటే, జలుబు బిళ్ళ, తలనొప్పి బిళ్ళ అని వేరే పేర్లతో వచ్చే వాటిలో చాలావాటిలోనూ పారాసెటమాలే ఉంటుంది. మూడు రంగుల బిళ్ళలు మింగినవాడు ఒకే మందును మూడుసార్లు మింగి ఉండవచ్చు, ఆ భారం కాలేయం మీద పడుతుంది. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు ముందే వైద్యుణ్ణి అడగాలి. పిల్లలకు లెక్క వయసుతో కాదు, బరువుతో: మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. సిరప్‌ను వంటింటి చెంచాతో కాక, దానితో వచ్చిన కొలత మూతతో పోయాలి.

‘మరువక’ అనడానికి ఉపాయం గోడ క్యాలెండరు. తేదీ గడిలో, పాలవాడి లెక్క పక్కనే, ‘ఉ 6 - 102 - బిళ్ళ’, ‘మ 1 - 100’ అని పెన్నుతో రాస్తే చాలు. జ్వరంలో జ్ఞాపకం నమ్మదగింది కాదు. పక్కన కూర్చున్నవారి జ్ఞాపకం కూడా, ఇద్దరూ చెరొకటి ఇచ్చి ఉంటే.

మాత్ర అని ఏకవచనం వాడడం వల్ల ఒక్క పారాసెటమాలే గ్రాహ్యం. వానాకాలంలో డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టరాదు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

‘జావతో’: లంఖణమే పరమౌషధమని ఇళ్ళలో గట్టిగా వాదించేవారు ఉన్నారు. చరకసంహిత సూత్రస్థానం 22వ అధ్యాయంలో లంఘనం పది విధాలు, ఉపవాసం అందులో ఒకటి మాత్రమే. అదే గ్రంథం రెండో అధ్యాయంలో ఇరవై ఎనిమిది రకాల జావలు చెప్పింది. ఒకటికి ఇరవై ఎనిమిదైతే గ్రంథం మొగ్గు ఎటో లెక్క రానివారికీ తెలుస్తుంది. ఆకలి లేనివాడికి బలవంతంగా ముద్ద కుక్కనక్కర్లేదు, ఆకలన్నవాడిని మాడ్చనూ అక్కర్లేదు.

విధానం: గుప్పెడు బియ్యపు నూక దోరగా వేయించి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి, ఉప్పు, నలిపిన వాము వేసి, గరిట జారుడుగా ఉడకనివ్వాలి. చల్లారాక మజ్జిగ కలిపితే గ్లాసుతోనే తాగవచ్చు. రాగి, సగ్గుబియ్యం, జొన్న జావలు దీనికి పర్యాయపదాలు. మూడో రోజు నాలుక చప్పిడి మీద తిరగబడుతుంది. అప్పుడు మెత్తటి అన్నంలో పాత చింతకాయ పచ్చడి, పక్కన బీరకాయ కూర. పథ్యం పేరుతో ఇంట్లో అందరికంటే రుచిగా తినేది రోగేనని తక్కినవారి ఫిర్యాదు.

‘మూడునాళ్ళు మించ’: ఇది ఉత్సర్గం, అంటే సాధారణ విధి. దీనికి అపవాదాలు విధికంటే బలవత్తరం. ఆయాసం, మాట తడబాటు, ఫిట్స్, మెడ బిగుసుకుపోవడం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం, పూటంతా మూత్రం రాకపోవడం కనిపిస్తే మూడు నాళ్ళు కాదు, మూడు గడియలు ఆగరాదు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 ఉన్నది ఇందుకే. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 కనిపించిందంటే అది ఒక్కటే చాలు. గర్భిణులు, వృద్ధులు, మధుమేహం ఉన్నవారు మొదటి రోజే వైద్యుణ్ణి అడగాలి. డెంగీలో ఇంకో మాయ ఉంది: మూడో రోజుకు ఏడో రోజుకు మధ్య జ్వరం దిగుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, గండం మొదలయ్యేది అప్పుడే. అక్కడ థర్మామీటరు మాట ఒక్కటే నమ్మరాదు. బొప్పాయి ఆకు రసం నూరడంలో ఆ గంటలు పోగొట్టుకోరాదు.

‘మొగము చూపు’: ఎవరికి? మూలంలో లేదు. ‘వైద్యునికి’ అని అధ్యాహారం చేసుకోవాలి. పక్కింటివారికి, మందుల షాపు కుర్రాడికి, వాట్సాప్ బృందానికి అని చేసుకున్నవారు ఉన్నారు; పద్యం నోరు మూసుకున్న చోటల్లా ఇలాంటి అన్వయాలు పుడతాయి. మొగము అనడం ఏకదేశంతో సర్వాంగాన్నీ చెప్పడం: నాలుక, కళ్ళు, ఛాతీ, పొట్ట కూడా చూపించాలి. వాటితోపాటు వాడిన స్ట్రిప్పులు పేరు కనిపించేటట్టుగా, పాత చీటీల కవరు, గోడ మీది నుంచి చింపిన క్యాలెండరు కాగితం. పాలలెక్క పక్కనే ఉన్నా ఫరవాలేదు.