సాఫ్ట్ ఓపెనింగ్ బావగారు

కొత్త సినిమాకి బెనిఫిట్ షో టిక్కెట్టు దొరక్కపోతే అన్నం సహించని వాళ్ళని చూశాం. మా బావగారికి ఆ రోగం హోటళ్ళ విషయంలో ఉంది. స్టార్ హోటల్ కానివ్వండి, కొండ మీద రిసార్టు కానివ్వండి, కొత్తగా ఎక్కడ తెరిచినా మొదటి వారంలోనే ఆయన సూట్‌కేసు అక్కడ దిగాలి. రెండో నెలలో వెళ్ళమంటే, "ఎవరెవరో పొర్లి లేచిన పరుపులోయ్ అవి" అని ముఖం చిట్లిస్తారు. ఇలాంటి వాళ్ళు ఇప్పుడు ఊరూరా తయారయ్యారు. కూకట్‌పల్లిలో ఉన్నారు, విశాఖ ఎంవీపీ కాలనీలో ఉన్నారు. డాలస్ నుంచి సెలవుకి దిగి, అమ్మానాన్నల కంటే ముందు కొత్త రిసార్టుని పలకరించే బాపతు కూడా ఉన్నారు. నాకు అందుబాటులో ఉన్న నమూనా మాత్రం గుంటూరు బ్రాడీపేట వాస్తవ్యులు. మా అక్క మొగుడు.

ఆయన రోడ్లు భవనాల శాఖలో డీఈగా రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ క్యాంపు అంటే గెస్ట్‌హౌసే. వాచ్‌మన్ వండిన కోడికూర, చిల్లులు పడ్డ దోమతెర, రాత్రంతా సొద పెట్టే ఫ్లష్ ట్యాంకు. ఆ కసి అంతా గ్రాట్యుటీ చేతికొచ్చాక తీర్చుకోవడం మొదలుపెట్టారు. డబ్బు ఫిక్సెడ్‌లో వేసి నెలనెలా వడ్డీ తీసుకుందామని అక్క అంది. వేశారు కూడా. ఆ వడ్డీ ఎక్కడికి పోతోందో అక్కకి తెలుసు. అది పోయిన చోటికల్లా తననీ తీసుకెళ్తున్నారు కనక పెద్దగా గొడవ చేయలేదు.

హోటల్ వ్యాపారంలో సాఫ్ట్ ఓపెనింగ్ అని ఒక ముచ్చట ఉంది. మంత్రిగారు వచ్చి దీపం వెలిగించే ప్రారంభోత్సవానికి ముందే ఒకటి రెండు అంతస్తులు తెరిచి, జనాన్ని కొద్దికొద్దిగా దింపుతారు. లిఫ్టు ఎక్కడ మొరాయిస్తోంది, వేణ్ణీళ్ళు ఏ గదికి ఎక్కడం లేదు, సూపు ముందు పెట్టాలో స్పూను ముందు పెట్టాలో వెయిటరు కుర్రాడికి ఒంటబట్టిందా లేదా, ఇవన్నీ అప్పుడే తేలాలి. ఈ దశలో అద్దె కాస్త తక్కువ, మర్యాద బాగా ఎక్కువ. మామూలు రోజుల్లో గీజరు పనిచేయడం లేదంటే "చూస్తాం సార్" అంటారు. సాఫ్ట్ ఓపెనింగులో అదే మాట అంటే ఇంజనీరు ఒకరు, హౌస్‌కీపింగ్ మేనేజరు ఒకరు, పళ్ళబుట్టతో ఇంకొకరు, ముగ్గురూ చేతులు కట్టుకుని తలుపు ముందు నిలబడతారు. బావగారికి కావాల్సింది పళ్ళబుట్ట కాదు. సర్వీసంతా కలిపి ఒక్క కాంట్రాక్టరు కూడా ఆయన ముందు అంత వినయంగా నిలబడలేదు.

గదిలో అడుగుపెట్టాక అందరూ కిటికీ దగ్గరికి వెళ్తారు. సముద్రం కనిపిస్తోంది రమ్మని అక్క పిలుస్తూనే ఉంటుంది, ఆయన మోకాళ్ళ మీద ఉంటారు. జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీసి ఫ్లోరింగు టైల్స్ ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతారు. టక్కుమంటే కింద సిమెంటు నిండుగా పట్టినట్టు. టొక్కుమందా, డొల్ల. "విన్నావా? విన్నావా?" అంటూ మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి లేస్తారు. తర్వాత బాత్రూమ్. అక్కడ మగ్గు కోసం చూస్తారు. అలాంటి చోట మగ్గు ఉండదు కాబట్టి కాఫీ కప్పుతో నీళ్ళు పట్టి, నేల మీద మెల్లగా వొంపి, ఎటు పోతాయోనని గొంతుక్కూర్చుంటారు. నీళ్ళు బుద్ధిగా నహానీ ట్రాప్ వైపు పోతే ఆయన ముఖం వాడిపోతుంది. తలుపు వైపు వచ్చాయంటే, "వాటం లేదే! పాలరాయి ఉంది, బంగారు కుళాయి ఉంది, వాటం లేదు!" అని ఫోన్ అందుకుంటారు. ఆ గొంతులో ఉత్సాహం చూస్తే ఏదో శుభవార్త చెబుతున్నారనుకుంటాం.

పడగ్గదికీ బాత్రూముకీ మధ్య అద్దం గోడ పెట్టే ఫ్యాషన్ ఒకటి వచ్చింది కదా. దానికి తెర ఉంటుంది, తెరకి మీట ఉంటుంది. ఆ మీట ఎక్కడుందో మాత్రం కట్టినవాడికే తెలియాలి. ఒకచోట అక్క గోడమీద ఉన్న మీటలన్నీ నొక్కితే పాట వచ్చింది, ఏసీ ఆగింది, కారిడార్లో ఎర్ర దీపం వెలిగింది, తెర దిగలేదు. చివరికి దుప్పటి అడ్డం పెట్టుకుని స్నానం చేసింది. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని అరగంట నిలబడింది డీఈగారే.

ఆయన పాండిత్యాన్ని తక్కువ చేయకూడదు. బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌ని 1903 డిసెంబరు 16న తెరిచారని, గది 10 రూపాయలని, ఫ్యానూ అటాచ్డ్ బాత్రూమూ కావాలంటే 13 అని, మొదటి రోజు దిగిన వాళ్ళు 17 మందని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. "అప్పుడు పుట్టి ఉంటే పద్దెనిమిదోవాణ్ణి నేనేనోయ్" అని నిట్టూరుస్తారు. పదమూడు రూపాయల గదేనా అని అడిగాను. "డిసెంబరులో ఫ్యానెందుకు, దండగ" అన్నారు.

ఆయన దృష్టిలో ఆదర్శ అతిథి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1884లో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి కట్టి, అప్పులపాలై వికారుల్ ఉమ్రా పూర్తిచేసిన ఫలక్‌నుమాకి నిజాం అతిథిగా వచ్చారు. బాగుందన్నారు. అనుకున్న రోజులు దాటినా కదల్లేదు. ప్రభువుల మనసు కనిపెట్టి వికారుల్ ఉమ్రా భవనాన్నే అప్పగించారు. "చెకిన్ అయ్యాడు, చెకౌట్ కాలేదు. అదీ దర్జా!" అంటారు బావగారు కళ్ళు మూసుకుని. అదే ఫలక్‌నుమా 2010 నవంబరులో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. బావగారు అప్పటికింకా జీతం మనిషి. అద్దె కనుక్కుని ఫోన్ పెట్టేశారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల దగ్గర తన కుర్చీ ఒకటి ఖాళీగా ఉండిపోయిందని ఇప్పటికీ ఆయన నమ్మకం.

ఈమధ్య హోటళ్ళవాళ్ళు ప్రయాణికులని రకాలుగా విడగొట్టి మరీ కడుతున్నారు. ఆఫీసు పని మీద వచ్చేవాళ్ళకి ఒకటి, కొత్త జంటలకి ఒకటి, పిల్లల కోడి లాంటి సంసారాలకి ఒకటి, ఆరోగ్యం వెతుక్కునే వాళ్ళకి ఒకటి, ఆఖరికి కుక్కని వెంటబెట్టుకొచ్చే వాళ్ళకి ఒకటి. లోకులు తాము ఏ రకమో చూసుకుని హోటల్ వెతుక్కుంటారు. బావగారు హోటల్ చూసుకుని రకం మారతారు.

హైటెక్ సిటీ వైపు వ్యాపారస్తుల హోటల్ తెరిస్తే పాత టెండరు కాగితాలు కుక్కిన బ్రీఫ్‌కేసుతో వెళ్ళి లాబీలో కూర్చున్నారు. కాన్ఫరెన్సుకి వచ్చారా సార్ అంటే "జూమ్‌లో ఉంది" అన్నారు. ఆయన ఫోన్లో జూమ్ లేదు. 2024 జనవరిలో అయోధ్యలో బాలరాముడి ప్రాణప్రతిష్ఠ జరిగి, అక్కడ కొత్త హోటళ్ళు వరసగా లేస్తుంటే ఆయనకి హఠాత్తుగా భక్తి ముదిరింది. మొదటి రోజు హోటల్ దర్శనం, మర్నాడు రామదర్శనం. కుక్కల రిసార్టుకి పక్కింటి పొమరేనియన్‌ని ఒక్క రాత్రికి అప్పడిగారు. వాళ్ళు ఇవ్వలేదు. ఆ ఇంటితో మాటల్లేవు.

వెల్‌నెస్ రిసార్టుకి మాత్రం నన్నూ తీసుకెళ్ళారు. పొద్దున్న రాగి అంబలి, మధ్యాహ్నం ఆవిరి మీద ఉడికిన ఏవో ఆకులు, రాత్రికి పొద్దున్నటి అంబలి జ్ఞాపకం. రెండో రోజు సాయంత్రం ధ్యానం తరగతిలో గురువుగారు అందరినీ కళ్ళు మూసుకుని నిశ్శబ్దాన్ని వినమన్నారు. విన్నాం. నిశ్శబ్దం కరకరలాడింది. బావగారి కుర్తా జేబులో తెనాలి చేగోడీలున్నాయి. "ఉప్పు లేని కూడు తినడానికి ఇంత దూరం, ఇంత ఖర్చు ఎందుకండీ? మన కరకట్ట మీద మంతెన రాజుగారి ఆశ్రమం ఉంది కదా" అంది అక్క. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: "అది పాతది."

రకం ఏదైనా, ఆయన దాంపత్యం మాత్రం అన్నిటికీ ఉమ్మడి. బుకింగ్ చేసేటప్పుడు 'ప్రత్యేక సందర్భం ఏమైనా ఉందా' అని ఒక గడి వస్తుంది. పెళ్ళిరోజు అని పెడితే గదిలో కేకు ఉంటుంది, మంచం మీద గులాబీ రేకులు, తువ్వాళ్ళు మడిచి చేసిన రెండు హంసలు ఉంటాయి. వాళ్ళ పెళ్ళి మాఘమాసంలో అయింది. ఈ గడి కనిపెట్టిన దగ్గర్నుంచి ఆషాఢంలోనూ, శూన్యమాసంలోనూ కూడా అవుతోంది. "ఇన్నిసార్లు పెళ్ళయింది, ఒక్కసారి చీర పెట్టలేదు" అని అక్క బాధ.

సొంత ఊరు అడ్డం కాదు ఆయనకి. 2022 జనవరిలో ఐటీసీ వాళ్ళు గుంటూరులో వెల్‌కమ్‌హోటల్ తెరిచినప్పుడు, ఇంటికి తాళం వేసి, పాలవాడికి రేపు రావద్దని చెప్పి, రెండు సూట్‌కేసులతో ఆటో ఎక్కారు. రిసెప్షన్‌లో అమ్మాయి చల్లని తువ్వాలు చేతికిచ్చి ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది.

"బ్రాడీపేట."

పాపం ఆ పిల్ల తొణకలేదు. "ప్రయాణం ఎలా జరిగింది సార్?"

"నాలుగో లైను దగ్గర ఆటో పావుగంట ఆగిందమ్మా. అలిసిపోయాం" అన్నారట, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

పన్నుల విషయంలో ఆయన్ని ఎవరూ బోల్తా కొట్టించలేరు. గది అద్దె రోజుకి 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. దాటకపోతే 2025 సెప్టెంబరు నుంచి 5 శాతమే. అందుకని 7,499 రూపాయల గది దొరికిన రోజు ఆయనకి సంక్రాంతి. తీరా సాయంత్రం కింద రెస్టారెంటులో ఇడ్లీ తింటే బిల్లు మీద 18 శాతం ఉంటుంది. అదేమిటయ్యా అంటే, ఈ హోటల్లో 7,500 దాటి అమ్ముడయ్యే గదులున్నాయి కాబట్టి తిండికి కూడా ఆ లెక్కే వర్తిస్తుందని చెబుతారు. "నా ఇడ్లీకీ, పైనెవడో పడుకున్న మంచానికీ సంబంధమేమిటయ్యా?" అని ఆయన అడుగుతారు. ఈ ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు. ఆయన తిక్కలో అప్పుడప్పుడూ ఇలాంటి సబబు తగులుతుంది, అదే చిక్కు.

నక్షత్రాల పంపకంలో మాత్రం ఆయన చెయ్యి పెద్దది. నచ్చినదల్లా సెవెన్ స్టారే. మన పర్యాటక శాఖ ఇచ్చే గుర్తింపు ఫైవ్ స్టార్ డీలక్స్ దగ్గర ఆగిపోతుందని, ఏడు నక్షత్రాల మాట 1999లో దుబాయ్‌లో బుర్జ్ అల్ అరబ్ తెరిచినప్పుడు ఒక బ్రిటిష్ పాత్రికేయ రాతలోంచి పుట్టిందని, ఆ హోటల్‌వాళ్ళు తమంతట తాము చెప్పుకోలేదని వివరించాను. శ్రద్ధగా విన్నారు. "రాసినవాళ్ళు సాఫ్ట్ ఓపెనింగుకే వెళ్ళి ఉంటారు చూడు" అన్నారు. 2023లో గండికోట దగ్గర ఒబెరాయ్ వాళ్ళ రిసార్టుకి శంకుస్థాపన జరిగిందని పేపర్లో పడిన రోజు, గదులు ఎప్పటి నుంచి ఇస్తారో కనుక్కోమని నన్ను పోరారు. పునాది రాయి తప్ప ఏమీ లేదు బావగారూ అంటే, "రాయికి ఎదురుగా ఉన్న గది చెప్పు" అన్నారు.

ఇంతటి మనిషి ఒక్క సంగతి లెక్కలోకి తీసుకోలేదు. పెద్ద సంస్థలు కొత్త హోటల్ తెరిచేటప్పుడు, చెయ్యి తిరిగిన ఉద్యోగులని పాత హోటళ్ళ నుంచి కొన్నాళ్ళు అక్కడికి పంపుతాయి. అంటే, హోటళ్ళు తెరవడమే పనిగా ఊరూరా తిరిగే జీవులు అవతలి పక్షంలో కూడా ఉన్నారన్నమాట. కిందటి కార్తీకంలో సముద్రం ఒడ్డున ఒక కొత్త రిసార్టులో అడుగుపెట్టాం. బిల్లులో సగం నాది, అందుకు నేనూ ఉన్నాను. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి బావగారిని చూడగానే ఇంటి మనిషిని చూసినట్టు నవ్వింది.

"నమస్తే సార్! పెళ్ళిరోజు శుభాకాంక్షలు మేడమ్. శ్రావణంలో నేను ఆ కొండ మీద రిసార్టులో ఉన్నప్పుడు కూడా జరుపుకున్నారు కదా. అప్పుడు కేకు మీద 25 అని రాయించాను. ఈసారి ఎంత రాయించమంటారు?"

బావగారు తలెత్తి షాండ్లియర్ ఎలా బిగించారో పరిశీలించడం మొదలుపెట్టారు. నేను వెల్‌కమ్ డ్రింకులో మునిగాను. అక్కే తేరుకుంది.

"అంకె వేయించకమ్మా. ఖాళీగా ఉంచితే ఇంకో ఊళ్ళో పనికొస్తుంది."

అమ్మాయి నవ్వాపుకుని తాళం కార్డులు అందించింది. నడిచే దారిలో ఇక తల ఎత్తరనుకున్నాను. లిఫ్టు దాకా వెళ్ళిన మనిషి చటుక్కున వెనక్కి తిరిగి, కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, జేబులోంచి పెన్ను తీశారు.

"ఇక్కణ్ణించి నిన్ను ఏ ఊరు వేస్తున్నారమ్మా?"