అతిథి వస్తున్నాడు, సబ్బు దాచండి

విశాఖలో రుషికొండ వైపు రెండు పడగ్గదుల ఫ్లాటు కొన్నారు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, ఫ్లాటు ఖాళీగా ఉంది, పక్క ఫ్లాటాయన తనదాన్ని రోజువారీ అద్దెకిచ్చి కొత్త కారు దింపాడు. దాంతో మీరూ రంగంలోకి దిగారు. ఇంటీరియర్ పనివాళ్లకు లక్షలు పోశారు, గోడకు బుద్ధుడి తల బిగించారు, బాల్కనీలో ఉయ్యాల వేలాడదీశారు. ఇక ఇంట్లో సరుకులేం పెట్టాలని అడుగుతున్నారు. ఫొటోలో పడేది కొనండి, చేతికి అందాల్సింది మానేయండి. అతిథిని దేవుడన్నారు పెద్దలు. దేవుడు ఇంత పత్రి వేసి, గుక్కెడు నీళ్లు పోస్తే తృప్తి పడతాడు. ఏనాడైనా ఇంకో తువ్వాలు అడిగాడా?

అందుకని తువ్వాళ్లతోనే మొదలుపెడదాం. తెల్లటివి రెండు కొని హంసల్లా మడిచి, మంచం మధ్య ముక్కూ ముక్కూ తాకించి, పైన గులాబీ రేకులు చల్లి ఫొటో తీయండి. ఇల్లు ఆరుగురికి సరిపోతుందని ప్రకటనలో రాశాం కదా, తువ్వాళ్లు రెండేమిటని బెంగపడకండి. అందరూ ఒకేసారి స్నానం చేయరు. ముదురు రంగువి కొంటే కొబ్బరినూనె, పసుపు, తలకేసుకున్న రంగు అంత తొందరగా కనబడవని అనుభవమున్నవాళ్లు చెబుతారు. సరిగ్గా అందుకే వద్దంటున్నాను. మరకే కనబడకపోతే అడ్వాన్సులో ఏం చెప్పి కోస్తారు?

దుప్పట్లకు ఈ వ్యాపారంలో ఒక లెక్క ఉంది. మంచానికి మూడు జతలు: పరుపు మీద ఒకటి, లాండ్రీలో ఒకటి, బీరువాలో ఒకటి. వానాకాలం సముద్రపు గాలిలో ఉతికిన దుప్పటి ఒక పట్టాన ఆరదు, అందుకని. మీకు ఒక్క జత చాలు. దుప్పటికి రెండు వైపులున్నాయి కదా.

స్నానాల గదికి పోదాం. కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ అనే ఆయన షాంపూను చిన్న పొట్లంలో పెట్టి పేదవాడి తలకూ అందేలా చేశాడు. ఆ మహానుభావుడి ఆలోచనను మనం రాత్రికి ఏడు వేలు కట్టేవాడి మీద ప్రయోగిస్తాం. మనిషికి ఒకటి కాదు, గదికి ఒకటి. పొట్లం చించుకోవడానికి కత్తెర పెట్టకండి, తడిచేత్తో పంటితో పీక్కుంటాడు, సగం నేలపాలవుతుంది, వినోదం. సబ్బు విషయంలో పాత అతిథి వదిలేసిన అరముక్కను పారేయకండి. కొత్తగా వచ్చినవాడికి అదొక పరిచయ భాగ్యం.

బకెట్టు ఒకటి చాలు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేసి, 32 కిలోమీటర్లు నడిచిన కాళ్లతో ఒక కుటుంబం మీ ఇంటికి చేరుతుంది. వాళ్లకు కావలసింది వేడినీళ్లు, గుప్పెడు ఉప్పు, కాళ్లు ముంచుకోవడానికి వెడల్పాటి టబ్బు. మీరు ఇచ్చేది షవర్. దాని కింద ఒంటికాలిమీద నిలబడి రెండోది కడుక్కోమనండి. మొక్కు ఇంకా తీరలేదనుకుంటారు.

అసలు ప్రతిభ చూపాల్సింది వంటింట్లో. ఇలాంటి వ్యాపారానికి 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి, ఇళ్లకిచ్చే 14.2 కిలోలది వాడకూడదని నిబంధన. ఎందుకొచ్చిన గొడవ, గ్యాస్ ఎత్తేసి ఇండక్షన్ స్టవ్ పెట్టండి. ఇండక్షన్ మీద గిన్నె వేడెక్కాలంటే దాని అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి. మామూలు అల్యూమినియాన్ని అది గిన్నెగానే గుర్తించదు. కాబట్టి అటకమీద ఉన్న మీ అత్తగారి సత్తు గిన్నెలన్నీ దించి అరల్లో అందంగా పేర్చండి. ఫొటోలో నిండు వంటిల్లు కనబడుతుంది. అతిథి బటన్లన్నీ నొక్కుతాడు, స్టవ్ కీచుకీచుమంటుంది, చివరికి బయటినుంచి తెప్పించుకుంటాడు. మీ అంట్లు తోమే ఖర్చు మిగిలింది. కుక్కర్ పెట్టండి గానీ సాగిపోయిన రబ్బరుతో పెట్టండి. టమాటాను చూసి జాలిపడే కత్తి ఒకటి. పళ్లాలు అయిదు. ఆరోవాడు వడ్డిస్తాడు.

ఉప్పు గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. చేతికి ఉప్పు అందిస్తే తగువులొస్తాయని మన ఇళ్లలో నమ్మకం. గిన్నెలో పోసి కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకోవచ్చు. అంత తతంగం దేనికి, అసలు పెట్టకపోతే తగువే లేదు. పెట్టక తప్పదంటే చిల్లుల డబ్బాలో పోసి సముద్రం వైపు కిటికీలో ఉంచండి. విశాఖ చెమ్మకు నాలుగు రోజుల్లో అది రాయవుతుంది. అతిథి డబ్బాను గట్టుకేసి కొట్టుకుంటాడు, ఉప్పు రాలదు, మీ ఉప్పు తరగదు. (అందులో నాలుగు బియ్యపు గింజలు వేస్తే గడ్డకట్టదని మీ అమ్మగారు చెబుతారు. ఆవిడకు వ్యాపారం తెలీదు.)

కాఫీ దగ్గర మరీ జాగ్రత్త. అరకు ఇక్కడికి పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నానికి ముందే చేరేంత దూరం. అక్కడి గిరిజన రైతులు చెట్ల నీడన పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పొడి ఊళ్లోనే అమ్ముతారు. ఒక చిన్న ప్యాకెట్టూ, ఒక ఫిల్టరూ బల్లమీద పెట్టారంటే కలకత్తావాడైనా కాకినాడవాడైనా మీ ఇంటిపేరు పదేళ్లు తలుచుకుంటాడు. తలుచుకుంటే మళ్లీ వస్తాడు, వస్తే పాతవాణ్ణి కదా, రేటు తగ్గించమంటాడు. అందుకని ఎక్కడో తయారైన ఇన్‌స్టంట్ పొట్లాలు రెండు, ఎప్పుడో రైల్లో ఇచ్చిన పంచదార, చెమ్మ తగిలిన పాలపొడి పెట్టండి. చెంచా పెట్టకండి, పెన్నుతో కలుపుకుంటాడు.

దసరా సెలవులకు బెంగాల్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కెళ్లి చేపలు పట్టుకొస్తారు. వాళ్లకో మంచి కత్తి, లోతైన మూకుడు, చెత్తబుట్టకు రెండు కవర్లు ఎక్కువ ఇస్తే వాసన గొడవ చాలామటుకు తీరుతుంది. ఇవ్వకుండా నోటీసు అంటించండి. వస్తువు కంటే నోటీసు చవక. చేపలు వండరాదు, ఇసుక తేరాదు, తడి బట్టలు ఆరేయరాదు. బీచ్ పక్క ఇంట్లో ఈ మూడూ రాసిపెట్టాక అతిథికి మిగిలేది ఉయ్యాల ఊగడమే. గుమ్మం దగ్గర కొబ్బరిపీచు పట్టా, చెంబూ నీళ్లూ పెడితే ఇసుక బయటే ఆగిపోతుంది నిజమే. ఆగిపోతే క్లీనింగ్ ఛార్జీ ఏమని రాస్తారు?

చిల్లర సామాను సంగతి చిల్లరగానే తేల్చేద్దాం. దోమల మిషన్‌కు ఖాళీ సీసా తగిలించండి, దీపం వెలిగితే చాలు, నిద్ర విశ్వాసం మీద పడుతుంది. రెండు ఏసీ రిమోట్లకు కలిపి ఒకే జత బ్యాటరీలు. మందుల డబ్బాలో గడువు దాటిన జ్వరం మాత్రలు, జిగురు పోయిన బ్యాండ్ ఎయిడ్. మంచినీళ్ల 20 లీటర్ల డబ్బా ఒకటి, రెండోది అడిగితే కుర్రాడు ఊరెళ్లాడని చెప్పండి.

ఖాళీ చేసేటప్పుడు మాత్రం లెక్క గట్టిగా చూడాలి. ఆటో కింద నిలబడి ఉంటుంది, రైలుకు టైమవుతుంటుంది, అప్పుడు ఫోన్ చేయండి.

“అమ్మా, ఆరో పళ్లెం కనబడట్లేదండి.”

“అయిదే ఉన్నాయి కదండీ, మొదటిరోజే చెప్పాం.”

“చెప్పారు గానీ, లిస్టులో ఆరు ఉన్నాయమ్మా.”

లిస్టు మనమే రాసుకున్నాం కనుక ఆరే ఉంటాయి. ఇంతా చేశాక ఆవిడ రెండు చుక్కలే ఇచ్చి, ఇంట్లో ఉప్పు కూడా లేదని రాస్తే కుంగిపోకండి. “మా ఇల్లు ఆరోగ్య స్పృహ ఉన్నవారి కోసం” అని మర్యాదగా జవాబివ్వండి.

సొంత ఫ్లాటులో ఒక రాత్రి అతిథిలా పడుకుని, పొద్దున్నే స్నానం చేసి, కాఫీ కలుపుకుని చూడమని కొందరు సలహా ఇస్తుంటారు. ఏది లోటో మొత్తం అప్పుడే తెలుస్తుందట. ఆ పని మాత్రం పొరపాటున కూడా చేయకండి. తప్పదనుకుంటే ఇంటినుంచి తువ్వాలు, కత్తి, కాస్త ఉప్పు పట్టుకెళ్లండి.