డ్యూటీఫ్రీ మర్యాదలు: గోదావరి జిల్లాల ప్రయాణికులకి ఉచిత సలహాలు

విదేశీ ప్రయాణమంటే వీసా, టికెట్టు, పాస్‌పోర్టు అనుకుంటారు జనం. అవన్నీ ఏజెంటు చూసుకుంటాడండీ. మనిషి సత్తా తేలేది విమానాశ్రయంలో, జేబులో డబ్బుండి ఎదురుగా అంగడి ఉన్నప్పుడు. అక్కడ మనవాళ్లు ఈ మధ్య మరీ తేలిపోతున్నారు. రేట్లు అడుగుతున్నారట, బిల్లులు దాచుకుంటున్నారట. గోదారోళ్ల పరువుకి ఇది తగునా? అంచేత పెద్దరికం మీదేసుకుని నాలుగు ముక్కలు చెబుతున్నాను, ఆయ్.

మొదట డబ్బు మార్చుకునే సంగతి. మన మధురపూడి నుంచి విదేశాలకి విమానం లేదు కాబట్టి శంషాబాదుకో చెన్నైకో పోవాల్సిందే. బయల్దేరకముందే రాజమండ్రిలో బ్యాంకుకో, రిజర్వ్ బ్యాంకు లైసెన్సున్న మనీ చేంజరు దగ్గరికో వెళ్లి, పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్ కార్డు చూపించి, రెండు మూడు చోట్ల రేటు కనుక్కుని మార్చుకోమని కొందరు చెడగొడతారు. వినకండి. రెండు మూడు చోట్ల రేటు అడిగితే డబ్బులేని వాడనుకోరూ? శంషాబాదు చేరి, ఇమిగ్రేషన్ దాటి, రాత్రి రెండింటికి నిద్రకళ్లతో, వెనక పదిమంది క్యూలో తోస్తుండగా మార్చండి. ఇంక వేరే దుకాణానికి వెళ్లే దారి ఉండదు కాబట్టి మనసు కూడా ప్రశాంతంగా ఉంటుంది.

అక్కడ 'కమీషన్ లేదు' అన్న బోర్డు పెద్ద అక్షరాలతో కనబడుతుంది. అది మాత్రమే చదవండి. దాని పక్కన కొనే రేటు, అమ్మే రేటు అని రెండు వరసలుంటాయి, వాటి జోలికి పోకండి. మాటవరసకి దిర్హాము మీకు అమ్మేది 27 రూపాయలకి, మీ దగ్గర కొనేది 22కి అనుకోండి. 54 వేలు ఇచ్చి 2 వేల దిర్హాములు పుచ్చుకున్నారు. ఈలోగా ఇంటి దగ్గర్నుంచి ఫోనొచ్చి ప్రయాణం మానుకున్నారు, అవే నోట్లు అదే కిటికీలో తిరిగిచ్చారు. 44 వేలు చేతికొస్తాయి. తక్కిన 10 వేలు ఏమయ్యాయని అడిగితే బోర్డు చూపిస్తారు. వాళ్ల మాటలో అబద్ధమేం లేదు, కమీషను నిజంగానే తీసుకోలేదు.

మన తాతల తరానికి ఈ ముచ్చట తీరలేదు పాపం. అప్పట్లో కువైట్‌లోనూ దుబాయ్‌లోనూ మన రూపాయే చెల్లేది. ఆ రూపాయలతోనే అక్కడ బంగారం కొని దొంగచాటుగా ఇక్కడికి చేరవేస్తున్నారని, దానివల్ల మన విదేశీ మారకద్రవ్యం కరిగిపోతోందని, 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చేసింది. కువైట్ 1961లో సొంత దినారు పెట్టుకుంది. 1966లో మనం రూపాయి విలువ తగ్గించేసరికి దుబాయ్, ఖతార్ కూడా దాన్ని వదిలించుకున్నాయి. ఒమన్ మాత్రం 1970 దాకా ఓపిక పట్టింది. అంటే డబ్బు మార్చుకోవడంలో నష్టపోవడమన్నది మనకి కొత్తగా వచ్చిన భాగ్యమే.

నోట్ల విషయంలో ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్పాలి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు ఎయిరిండియా అమ్మాన్ నుంచి లక్షకి పైగా మనవాళ్లని మోసుకొచ్చింది. విముక్తి అయ్యాక 1991లో కువైట్ కొత్త నోట్లు తెచ్చి, సెంట్రల్ బ్యాంకు నుంచి ఇరాకీలు ఎత్తుకెళ్లిన వరసల పాత నోట్లు చెల్లవంది. సంపాదనంతా నోట్లుగా పెట్టెలో పెట్టుకోమని మాత్రం నేనూ చెప్పలేను.

ఇంత చెప్పినా మీరు నోట్లే కట్టుకెళ్తారని తెలుసు. మామూలు దేశాలకి వెళ్లేవాళ్లు ఒక ప్రయాణానికి 3 వేల డాలర్లకి మించి నోట్ల రూపంలో తీసుకెళ్లకూడదని, తక్కింది కార్డులో వేసుకోవాలని నిబంధన. మన రూపాయలైతే 25 వేల వరకే. ఫారెక్స్ కార్డులో ముందే దిర్హాములు వేయించుకోవచ్చట. అది పిరికివాళ్ల పద్ధతి. మామూలు బ్యాంకు కార్డే తీసుకెళ్లండి. దుబాయ్ దుకాణంలో అది గీకితే మెషీను మిమ్మల్ని మర్యాదగా ఓ ప్రశ్న అడుగుతుంది: దిర్హాముల్లో కడతారా, రూపాయల్లోనా? దేశభక్తుడన్నవాడు ఇంకేం నొక్కుతాడండీ? రూపాయలే నొక్కండి. అప్పుడు మీ బ్యాంకు రేటు కాకుండా ఆ దుకాణం తరఫు బ్యాంకు తన రేటు వేసి, పైన తన లాభం కలుపుతుంది. విదేశీ వాడకం రుసుమంటూ మన బ్యాంకు కూడా ఓ చెయ్యి వేస్తే వేయొచ్చు. రెండు దేశాల బ్యాంకులకీ మేలు చేసినవారవుతారు.

సరే, తీసుకెళ్లే సామాను. అల్లుడు అబూదాబీలో ఉంటే అత్తగారు కోడికూర మసాలాలోకి గసగసాలు కట్టకుండా ఉంటారా? యూఏఈలో గసగసాలు మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయని, పొట్లం దొరికితే జైలేనని ఎవరైనా చెబితే, 'మా ఇంట్లో తరాలుగా తింటున్నాం' అని అక్కడి అధికారికి తెలుగులో వివరించండి. అంబాజీపేట ఎండుకొబ్బరి కూడా వదలొద్దు. నూనె ఎక్కువ కావడంతో దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమాన భద్రత వాళ్లు 2022లో చెకిన్ సామానులోనూ వద్దన్నారు. కొబ్బరి గురించి కోనసీమ వాళ్లకి పాఠాలు చెప్పడమేమిటి, విడ్డూరం కాకపోతే. ఆత్రేయపురం పూతరేకులకి ఏ అభ్యంతరమూ లేదు గనక అవి ఇంటి దగ్గరే మర్చిపోండి.

ఇప్పుడు అసలు రంగం, డ్యూటీఫ్రీ. 1947లో ఐర్లండ్‌లోని షానన్‌లో మొదటి దుకాణం తెరిచారు. అట్లాంటిక్ దాటే విమానాలు నూనె పోయించుకోడానికి అక్కడ ఆగేవి, ప్రయాణికులు ఊరికే కూర్చునేవారు. ఊరికే కూర్చున్నవాడి చేత కొనిపించవచ్చని కనిపెట్టినవాడు మహానుభావుడు. సుంకం లేదంటే చవక అని అర్థం చేసుకోండి. సుంకం పోయిన చోట అద్దె, లాభం చేరతాయని లెక్కలు తీసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అదే చాక్లెట్టు, అదే బాదంపప్పు దుబాయ్ ఊళ్లో హైపర్‌మార్కెట్లో ఎంతకి అమ్ముతున్నారో ఉన్నన్నాళ్లూ చూడకుండా జాగ్రత్తపడాలి. మూడు మూలల చాక్లెట్టు కడ్డీలు డజను కొనండి. మే నెలలో రాజమండ్రి చేరేసరికి మూలలు పోయి ముద్దయిపోతాయి, పిల్లలు వాటిని పక్కకి నెట్టి మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్కు కావాలని ఏడుస్తారు. అది పిల్లల తప్పు.

సెంటు దగ్గర ఒక మర్యాద పాటించాలి. అమ్మాయి చిరునవ్వుతో మీ మణికట్టు మీద ఓ చుక్క కొట్టిందంటే కొన్నట్టే లెక్క. వాసన చూసి వెళ్లిపోవడం మన ఇళ్లల్లో లేదు. సీసా మీద అంకె చూడొద్దు, చూసినా రూపాయల్లోకి మార్చొద్దు. ఇరవై యేడుతో గుణించడం మొదలుపెడితే సెంటు వాసనే రాదు.

దుబాయ్‌లో ఇంకో అవకాశం ఉంది. అక్కడి డ్యూటీఫ్రీ 1983 డిసెంబరులో తెరుచుకుంది. 1999 నుంచి పది లక్షల డాలర్ల లాటరీ నడుపుతోంది. టికెట్టు వెయ్యి దిర్హాములు, మొత్తం టికెట్లు 5 వేలు. మనవాళ్లు చాలాసార్లు గెలిచారు, అందుకే మీరూ గెలుస్తారు. టికెట్లన్నీ అమ్ముడుపోతే పోగయ్యేది 50 లక్షల దిర్హాములు. డాలరుకి 3.6725 దిర్హాములని 1997 నుంచీ కట్టేసిన రేటు కాబట్టి బహుమతి 36 లక్షల 72 వేల 500. మిగిలిన 13 లక్షల చిల్లర ఎవరికని ఆలోచించడం శుభమా అని టికెట్టు కొనేటప్పుడు చేసే పని కాదు. ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లలో చాలామందికి వెయ్యి దిర్హాములంటే దాదాపు నెల జీతం. గదిలో పదిమంది కలిసి ఒకరి పేరు మీద కొంటారు. కాగితం ఏమీ రాసుకోకండి, మనలో మనకి రాతకోతలేమిటి.

మందు సీసాల విషయంలో లెక్క తప్పుతున్నారు జనం. మనిషికి 2 లీటర్లే సుంకం లేకుండా తేవచ్చు. ఊళ్లో మాత్రం బావమరిదికొకటి, ప్రెసిడెంటుగారికొకటి, టికెట్టు కొనిపెట్టిన ఏజెంటుకొకటి, అడగని వాళ్లకి రెండు. ఒకరి మినహాయింపుని ఇంకొకరి దాంతో కలపకూడదని బ్యాగేజీ నియమాల్లో ఉంది. అయినా డల్లాస్‌లో మనవణ్ని చూసొస్తున్న అమ్మమ్మగారి పాస్‌పోర్టు ఉండనే ఉందిగా. కార్తీకమాసంలో ఉపవాసమున్నా సరే, ఆవిడ చేతికి రెండు లీటర్ల స్కాచ్ సంచీ ఇచ్చి కస్టమ్స్ ముందు నుంచి నడిపించండి. ఎవరికమ్మా అని అడిగితే నిజం చెప్పేస్తుంది, అదొక్కటే ఇబ్బంది. కువైట్ వెళ్లేవాళ్లు దుబాయ్‌లో విమానం మారుతూ సీసా కొనుక్కోవడం మరీ సాహసం. కువైట్‌లో మద్యం నిషేధం కాబట్టి, దిగగానే తీసేసుకుంటారు.

బంగారం దగ్గర కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు గట్టివాళ్లు. ఏడాది దాటి విదేశంలో ఉండి తిరిగొచ్చే ఆడవాళ్లకి 40 గ్రాములు, మగవాళ్లకి 20 గ్రాముల నగలు సుంకం లేకుండా వస్తాయి. మన లెక్కలో ఐదు కాసులు, రెండున్నర కాసులు. నాలుగు రాత్రుల ప్యాకేజీ మీద దుబాయ్ చూసొచ్చిన దంపతులకి ఈ మినహాయింపు లేనే లేదు. ఆ 'ఏడాది' అన్న మాట చెవిన పడనివ్వకండి. దేరా గోల్డ్ సూక్‌లో దూరి కాసులపేరు కొనేయండి. బంగారం మీద సుంకం మన దేశంలో 15 శాతం ఉన్న రోజుల్లో అక్కడ కొంటే కొంత మిగిలేది. 2024 జూలైలో దాన్ని 6 శాతానికి తగ్గించారు. తేడా అంత తగ్గాక కూడా తరుగు, మజూరీ, 5 శాతం వ్యాట్ కలుపుకుని అక్కడే కొంటేనే కదా మీకు బంగారం మీద ప్రేమ ఉన్నట్టు. పర్యాటకులకి ఆ వ్యాట్‌లో చాలామటుకు తిరిగిస్తారు. అందుకు సామాను చెకిన్ చేయకముందే విమానాశ్రయంలో బిల్లు, వస్తువు చూపించాలి. మీరు బిల్లు హోటల్లో పారేయండి. వెళ్లేటప్పుడు మెడలో వేసుకెళ్లిన పాత గొలుసుకి కస్టమ్స్ దగ్గర ఎగుమతి పత్రం రాయించుకోవడం కూడా దండగ. వచ్చేటప్పుడు 'ఇది మా అత్తగారు పెట్టిందండీ' అంటే నమ్మకపోతారా?

ఎర్రదారి, పచ్చదారి అని రెండుంటాయి. పరిమితి మించిందని ముందే చెప్పి ఎర్రదారిలో వెళ్తే సుంకం కట్టించుకుని పంపిస్తారు. చెప్పకుండా పచ్చదారిలో పట్టుబడితే సరుకూ పోతుంది, జరిమానా కూడా పడుతుంది. అయినా ఎర్రదారిలో నిలబడితే మన ఊరివాడెవడైనా చూసి ఏమనుకుంటాడో! పచ్చదారే నయం.

ఇంకో మాట, మొహమాటం గల ఆడపడుచులకి. కువైట్‌లో విమానమెక్కబోతుంటే ఎవరో వచ్చి, 'అక్కా, చిన్న పొట్లం. శంషాబాదులో మా తమ్ముడు వచ్చి తీసుకుంటాడు, వెయ్యి రూపాయలిస్తాడు' అంటాడు. తెలుగువాడు, పైగా అక్కా అన్నాడు. కాదనడం ఎలా? విప్పి చూడటం అవమానించినట్టు కాదూ? పుచ్చుకోండి. పొట్లంలో ఏముందో మీకు ముందుగా చెప్పేది కస్టమ్స్ వాళ్లే. అప్పటికి తమ్ముడి ఫోను పలకదు.

పెద్ద టీవీలు తెచ్చే ముచ్చటకి 2013 ఆగస్టు 26నే గండిపడింది. అంతకు ముందు దుబాయ్ నుంచి దిగే విమానంలో సగం టీవీలే అన్నట్టుండేది. ఆ రోజు నుంచి ఫ్లాట్ టీవీని ఉచిత మినహాయింపులోంచి తీసేసి 36.05 శాతం సుంకం వేశారు. మీరు మాత్రం తెండి. అట్టపెట్టె మీద మార్కరుతో పేరు, ఊరు, మండలం రాసిన పెట్టె బెల్టు మీద తిరిగొస్తుంటే ఉండే దర్జా వేరు.

మిగిలిన చిల్లర సంగతి మరిచాను. నాణేలు మనీ చేంజర్లు తీసుకోరు, అంచేత చివరి రోజున అన్నీ నాణేలుగా మార్చుకోండి. నోట్లయితే 2 వేల డాలర్లకి మించినవి 180 రోజుల్లో బ్యాంకుకి అప్పగించాలి, నాణేలకి ఆ బాధ లేదు. కొన్నేళ్లు బీరువా సొరుగులో ఉండి, తరవాత అన్నవరం హుండీలో పడతాయి. సత్యదేవుడే మార్చుకుంటాడు.

చివరగా, గల్ఫ్ నుంచి శంషాబాదుకి ఒక టికెట్టు, శంషాబాదు నుంచి మధురపూడికి వేరే టికెట్టు కొనండి. మొదటి దాంట్లో 30 కిలోలు తెచ్చుకోనిచ్చారు కదా అని రెండో కౌంటరు దగ్గర నిలబడితే దేశీయ విమానంలో 15 కిలోలే అంటారు. ఒకే టికెట్టయితే ఈ గొడవ సాధారణంగా ఉండేది కాదు. తక్కిన వాటికి కిలోల లెక్కన డబ్బు కట్టండి, పెట్టె విప్పి సగం పారేయమని ఎవరన్నా వినకండి. ఇంటికెళ్లాక, 'ఈ టాంగు డబ్బా దేవీచౌకు దగ్గరే దొరుకుతుంది కదరా' అని ఏ బాబాయో అంటే, 'అది ఇండియాది బాబాయ్, ఇది ఫారిన్‌ది' అనండి.