బ్యాండు మాస్టారు

బడి జీతగాళ్లలో బ్యాండు మాస్టారిది విడి కులం. టైంటేబుల్లో ఆయనకి పీరియడు ఉండదు, స్టాఫ్ రూములో కుర్చీ ఉండదు, హాజరుపట్టీలో పేరంటూ ఉంటే చివరి పేజీలో పెన్సిలుతో ఉంటుంది. తక్కిన పంతుళ్లు తప్పు చెబితే ఆ సంగతి గది నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. ఈయన పాఠం రెండు వీధుల అవతల కిరాణా కొట్టుదాకా వినిపిస్తుంది కాబట్టి తప్పు కూడా అక్కడిదాకా వెళ్తుంది.

ఆయన ఈ కొలువులోకి వచ్చే దారులు రెండు. ఒకటి పటాలం దారి. సైన్యంలోనో పోలీసు బ్యాండులోనో చేసి, పింఛనుతో ఊరు చేరినవారు ఈ బాపతు. మధ్యప్రదేశ్ కొండల్లోని పచ్‌మఢీలో సైనిక సంగీతం నేర్పే విభాగం ఉంది. అక్కడ చదివినా, చదివినవాణ్ణి ఎరిగినా, ఆ ఊరి పేరు మాస్టారి నోట రోజుకొకసారి వస్తుంది. 'సావధాన్', 'విశ్రామ్', 'తేజ్ చల్' అంటూ ఆజ్ఞలన్నీ హిందీలో, తిట్లన్నీ తెలుగులో సాగుతాయి. రెండోది మేళం దారి. తాత సన్నాయి, తండ్రి క్లారినెట్, తాను ట్రంపెట్. పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్ల పక్కన నడుస్తూ పట్టుబడిన విద్య అది. స్వరం కాగితం మీద పెట్టడం ఆయనకి రాదు, ఆ అవసరమూ ఎప్పుడూ పడలేదు. కరస్పాండెంటుగారి అమ్మాయి పెళ్లిలో బాగా ఊదాడని మెచ్చుకుని బళ్లో వేసుకుంటారు. ఈ ఇద్దరూ దొరకని చోట బ్యాండు డ్రిల్లు మాస్టారి నెత్తిన పడుతుంది. ఆయనకి వచ్చిన వాయిద్యం ఈల.

మేళం మాస్టారి ఉద్యోగాన్ని నడిపేది పంచాంగం. బళ్లు జూన్ మధ్యలో తెరుస్తారు, కాస్త అటూ ఇటూగా ఆషాఢం పడుతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ నెల్లాళ్లూ గంట కొట్టే అటెండరు కంటే ముందే ఆయన గ్రౌండులో ఉంటారు. శ్రావణం రాగానే ముహూర్తాలు మొదలవుతాయి, సరిగ్గా అప్పుడే పంద్రాగస్టు ముంచుకొస్తుంది. రాత్రి రెండింటిదాకా ఊరేగింపులో ఊది పొద్దున ఏడింటికి బళ్లో నిలబడ్డ మనిషి కళ్ల ఎరుపు చూసి హెడ్మాస్టరు వేరే అర్థం తీస్తారు. ఆ అర్థం ఒక్కోసారి సరైనదే.

బ్యాండు వాయిద్యాలకి మన దేశంలో పుట్టిల్లు మీరట్. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. మీరట్ సరుకు బడికి వచ్చేది మాత్రం సాధారణంగా ఒకే ఒక్కసారి, బడి పెట్టిన ఏడాది. తర్వాత వచ్చేవన్నీ మరమ్మతులే. పంపకంలో సంగీత జ్ఞానం లెక్కలోకి రాదు. బొద్దుగా ఉన్నవాడికి పెద్ద డ్రమ్ము, పొడుగువాడికి ముందు నడిచే కర్ర, ఏదీ మొయ్యలేనివాడికి ట్రయాంగిల్. కరస్పాండెంటుగారి మనవడు పొట్టివాడైన ఏడాది కర్ర వాడి చేతికే వస్తుంది, అప్పుడు కర్రే వాణ్ణి నడిపిస్తుంది.

బోధన కాళ్లతో మొదలవుతుంది. కవాతు నడక నిమిషానికి 120 అడుగులు, పెద్ద డ్రమ్ము దెబ్బ ఎడమ కాలు మీద పడాలి. కాబట్టి మొదటి వారం డ్రమ్ము ముట్టనివ్వరు. ఏది ఎడమ కాలో తేల్చడానికే ఆ వారం సరిపోతుంది. ప్రతి జట్టులోనూ ఎడమ కాలితోపాటు ఎడమ చెయ్యే ముందుకు విసిరేవాడు ఒకడు ఉంటాడు. విడిగా నడిచేటప్పుడు వాడు బాగానే నడుస్తాడు. 'తేజ్ చల్' అనగానే కీలుగుర్రం అయిపోతాడు. వాడి ఎడమ కాలికి చేతిరుమాలు కడతారు. మర్నాటినుంచి వాడు రుమాలునే చూస్తూ నడిచి ముందువాడి వీపుకి గుద్దుకుంటాడు.

తర్వాత పుల్లలు. సైడ్ డ్రమ్ము వాయించేవాడి కుడిచెయ్యి పుల్లని పైనుంచి పట్టుకుంటుంది. ఎడమచెయ్యి మాత్రం వెల్లకిలా తిరిగి, పుల్లని బొటనవేలి సందులో ఇరికించుకోవాలి. డ్రమ్ము మెడకి ఏటవాలుగా వేలాడే రోజుల్లో పుట్టిన పట్టు ఇది. దీన్ని వివరించడానికి మాస్టారి దగ్గర ఒకటే మాట ఉంటుంది: "తీర్థం పట్టరా!" కుర్రవాడు చటుక్కున కుడిచెయ్యి చాపుతాడు. "అది కాదురా, ఎడమచెయ్యి!" ఎడమ చేత్తో తీర్థం పడితే ఇంట్లో మామ్మ ఏమంటుందో వాడికి తెలుసు కాబట్టి కదలడు. ఈ ధర్మసంకటంలో ఒక ఉదయం గడిచిపోతుంది. పట్టు కుదిరాక సిమెంటు అరుగు మీద 'డాడీ-మమ్మీ' మొదలవుతుంది: కుడిచేత్తో రెండు దెబ్బలు డాడీ, ఎడమచేత్తో రెండు దెబ్బలు మమ్మీ. ఇంగ్లీషు పటాలాలనుంచి దిగిన ఈ పాఠానికి తెలుగు బళ్లలో అనువాదం అవసరం పడలేదు. వేగం పెంచగా పెంచగా దెబ్బలు కలిసిపోయి రేకు మీద వాన కురిసినట్టు వినిపించాలి. చాలామంది దగ్గర డాడీ గట్టిగా, మమ్మీ నీరసంగా వినిపిస్తుంది. ఎడమచేతికి బలం వచ్చేదాకా అంతే.

బ్యూగిల్ దగ్గర కథ వేరు. దానికి మీటలు లేవు, రంధ్రాలు లేవు, పెదవుల బిగింపే సర్వస్వం. మామూలుగా పలికేవి అయిదు స్వరాలు: స, ప, పై స, పై గ, పై ప. రి, మ, ద, ని ఆ గొట్టంలో లేనే లేవు. పక్కవీధి సంగీతం టీచరుగారు దీన్ని వాయిద్యంగా ఒప్పుకోకపోవడానికి అదే కారణం. కొత్తవాడు బుగ్గలు పూరించి ఊదితే గాలి తప్ప ఏమీ రాదు, ఇంకా గట్టిగా ఊదితే దూడ తప్పిపోయిన గేదె పలుకుతుంది. పసిపిల్లలు ఆటో నడిపే ఆటలో పెదవులు బిగించి 'బుర్ర్' అంటారు కదా, ఊదవలసింది అలా. ఆ పోలిక కనిపెట్టిన మాస్టారు ఎవరో గాని శాస్త్రం తెలిసినవారే.

పాటల జాబితా పొట్టిది. ఇక్బాల్ 1904లో రాసిన 'సారే జహాఁ సే అచ్ఛా', ఆజాద్ హింద్ ఫౌజు కోసం రామ్ సింగ్ ఠాకురీ బాణీ కట్టిన 'కదమ్ కదమ్ బఢాయే జా', ముఖ్య అతిథి ఆలస్యమైతే వాయించడానికి పెళ్లి ఊరేగింపునుంచి అరువు తెచ్చిన ఒక సినిమా పాట. అన్నిటికీ మించి జాతీయగీతం. 1919లో టాగూరు మదనపల్లె వచ్చినప్పుడు అక్కడి కాలేజీలో మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసిపెట్టిన సంగతి పటాలం మాస్టారు ఏటా చెబుతారు. పూర్తి గీతం నిలవవలసింది దాదాపు 52 సెకన్లు. పిల్లలు ఎండలో నిలబడి ఉంటే నలభై అయిదింటికే ముగిస్తారు.

ఏడాది కష్టానికి పరీక్ష జెండా పండుగే. పదేళ్ల కిందట పదో తరగతి వాళ్లకి కుట్టించిన యూనిఫారాలు ఎనిమిదో తరగతి వాళ్ల ఒంటి మీద పిన్నీసుల ఆధారంతో నిలుస్తాయి. పూర్వం తోలు డ్రమ్ములుండేవి. ఆగస్టు తేమకి తోలు సడలి 'టప్' అనవలసింది 'బొద్' అనేది, అప్పుడు పాత పేపర్లు మండించి సెగ చూపించేవారు. ప్లాస్టిక్ వచ్చి ఆ బాధ తీర్చింది గాని, జెండా ముడి బాధ ఎవరూ తీర్చలేకపోయారు. ముఖ్య అతిథి తాడు లాగుతారు, ముడి వీడదు. జెండా విచ్చుకుంటే తప్ప గీతం ఎత్తుకోకూడదు. మాస్టారు వెనక్కి తిరగకుండానే వేలు ఆడిస్తారు, డాడీ-మమ్మీ అందుకుంటుంది. డ్రిల్లు మాస్టారు స్తంభం ఊపుతారు, అటెండరు కొక్కెం కర్ర కోసం పరుగెత్తుతాడు, డాడీ-మమ్మీ సాగుతూనే ఉంటుంది. మూడో నిమిషంలో పూలరేకులు రాలతాయి. ఆ మూడు నిమిషాలూ తొణకనిది ఆ కుర్రవాళ్ల ఎడమచెయ్యొకటే. మర్నాటి పేపర్లో ముఖ్య అతిథి ఫోటో పడుతుంది.

జనవరి 26 అయ్యాక పదో తరగతి వాళ్లని లెక్కల మాస్టారు స్టడీ అవర్‌కి తోలుకుపోతారు. రెండేళ్లు కష్టపడి తయారుచేసిన ఎడమచేతులన్నీ అలా పోతాయి. పుల్లలు లెక్కపెడితే రెండు తక్కువ వస్తాయి, అవి గ్రౌండు చివర వికెట్లుగా పాతి ఉంటాయి. డ్రమ్ముల మీద పాత ఫ్లెక్సీ కప్పి మెట్ల కింది గదికి తాళం వేస్తారు. అప్పటికి మాఘం వచ్చేసి ఉంటుంది. పదో తరగతి తప్పిన కుర్రవాడొకడు సాయంత్రం ఇంటి గుమ్మంలో నిలబడి, "సార్, ముహూర్తాలున్నాయట కదా" అంటాడు. మాస్టారు లోపలినుంచి మేళం కోటు తెచ్చి వాడి భుజాలకి ఆనించి చూస్తారు. చేతులు పొడుగే. రెండు మడతలు పెడితే సరిపోతుంది.