వేసవి సరంగు

పొద్దున్నే పేపరు చేతికొస్తే ఫిల్మ్‌నగర్ మనిషి ముందు సినిమా పేజీ తీస్తాడు. షేక్‌పేట నాలా దగ్గర మా టీకొట్టుకు వచ్చే ఒకాయన మాత్రం లోపలి పేజీల్లో అడుగునెక్కడో ఉండే చిన్న పట్టిక కోసం వెతుకుతాడు. జలాశయాల నీటిమట్టాలు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590. పక్క గడిలో ఆ రోజు ఎంతుందో ఉంటుంది. ఏప్రిల్ వచ్చాక ఆ పక్క గడి చూసినప్పుడల్లా ఆయన ముఖం, పదో తరగతి ఫలితాల్లో కొడుకు నంబరు కనపడని తండ్రి ముఖంలా అయిపోతుంది. గ్లాసు కింద పెట్టి, "మళ్లీ దిగిపోయిందండీ" అంటాడు. జ్వరం దిగిందంటే సంతోషించవచ్చు, షేరు దిగిందంటే ఓదార్చవచ్చు. దీనికేమనాలో తెలియక మేం బిస్కెట్లు ముంచుకుంటాం.

ఆయన్ని మేమంతా సరంగు గారంటాం. గోదావరి మీద లాంచీ నడిపే మనిషిని సరంగు అంటారు. ఈయన ఏ లాంచీనీ నడపలేదు. అయితే ఏమైంది? ఒక్క సినిమా తియ్యకుండా డైరెక్టర్ గారని పిలిపించుకునేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు.

ఇలాంటి మనిషి ఫిల్మ్‌నగర్‌లో తప్ప ఇంకెక్కడా మొలవడు. ఇక్కడ ప్రతివాడి దగ్గరా ఒక సబ్జెక్టుంటుంది. సరంగు గారి సబ్జెక్టు ఏమిటంటే, గచ్చిబౌలిలో ఉద్యోగం మానేసిన హీరో ఒక తెరచాప పడవ కొనుక్కుని, వేసవంతా అందులోనే కాపురం పెట్టి, ఒడ్డున తగిలిన చిన్న ఊళ్లన్నీ చూసుకుంటూ పోతాడు. సోమశిల, సున్నిపెంట, సాగర్, కొల్లేటి లంకలు, పులికాట్ ఒడ్డున తడ. ఊరికొక రీలు. కథ చెప్తూ చెప్తూ "అప్పుడు హీరో తెరచాప దించి" అనాల్సిన చోట "అప్పుడు నేను తెరచాప దించి" అనేస్తాడు. ఇది సినిమాయా, రిటైర్మెంటు పథకమా అన్నది ఆయనకే తెలియదు.

ఈ పిచ్చికి మూలం మిషిగన్‌లో ఉంది. అక్కడ మేనల్లుడొకడు ఎవరి పడవలోనో జూలై నెలంతా గడిపి, మిషిగన్ సరస్సు ఒడ్డున ట్రావర్స్ సిటీ, షార్లవాయ్ అంటూ రోజుకో ఊరి ఫొటో పంపాడు. మకినా అనే దీవిలో 1898 నుంచి మోటారు బళ్లు నిషేధమట, గుర్రబ్బళ్లే తిరుగుతాయట. "చూశారా, హారన్ లేని ఊరు" అని ఆ ఫొటో మాకు చూపించినప్పుడు వెనక షేక్‌పేట ఫ్లైఓవర్ దిగుతున్న ట్యాంకరు ఒకటి హారన్ కొట్టి కొట్టి, ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

ఆ ఫొటోల్లో ఆయన పట్టించుకోని సంగతి ఒకటుంది. వాళ్ల వేసవి మన మాఘమాసం. చలికాలం ఒడ్డు వెంట మంచుతో బిగుసుకుపోయిన సరస్సు కరిగి, చల్లటి గాలి తిరిగి, నీళ్లు నిండుగా ఉండే రోజులవి. మన వేసవి సంగతి వేరు. పాపం, ఆయనకు తెలియదని కాదు. పుట్టింది కొల్లేటి లంకలో. వానాకాలం తాటిదోనెలో బడికి వెళ్లి, వేసవిలో అదే దారిన నడిచి వెళ్లినవాడు. ఎండాకాలం కొల్లేరంటే గేదెలు మేసే బయలని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ సెలవులు వేసవిలోనే ఉంటాయి, సినిమాలకు సీజన్ వేసవే, మేనల్లుడు పడవెక్కింది వేసవిలోనే. మూడు వేసవులు ఒక పక్కా, కొల్లేరు ఒక్కటీ ఒక పక్కా నిలబడితే ఫిల్మ్‌నగర్‌లో ఓటు దేనికి పడుతుందో చెప్పాలా?

ఆయనుండేది అయిదంతస్తుల భవనం మీద ఒంటి గది. పక్కనే నీళ్ల ట్యాంకు. మోటారు వేసినప్పుడు గది సన్నగా వణుకుతుంది. అలవాటు కావాలనే తీసుకున్నానంటాడు. మంచం ఇరుకు, స్టవ్వు ఒకటే, సామాన్లన్నీ కొక్కేలకు వేలాడతాయి. గుమ్మం పక్కన నిలువెత్తు లంగరొకటి, తుప్పు రంగుతో సహా, గోడకు ఆనించి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు, ఇంత బరువు అయిదో అంతస్తుకు ఎలా ఎక్కించారా అని నేను జాలిపడ్డాను. ఆయన చిటికెన వేలితో పక్కకు జరిపాడు. థర్మాకోల్. ఏదో సినిమా సెట్టు పీకేస్తుంటే ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్లు పడేస్తే తెచ్చుకున్నాడట. నీళ్లలో వేస్తే తేలే లంగరు దేశంలో బహుశా అదొక్కటే.

రాజమండ్రిలో టీచరుగా పనిచేసే వాళ్లావిడ వారానికోసారి ఫోన్ చేస్తుంది.

"పడవ దొరికిందా?"

"ఇంకా లేదు."

"అయితే ఒడ్డునే ఉన్నారుగా, కరెంటు బిల్లు కట్టెయ్యండి."

ఆయన వాదనలో బలం లేదనుకుంటే పొరపాటు. అసలు షేక్‌పేటే ఒక రేవంటాడు. బాటసారుల కోసం కుతుబ్‌షాహీల నాడు కట్టిన సరాయి ఇక్కడే ఉందా? 1562లో హుస్సేన్‌సాగర్ కట్టించిన హుస్సేన్ షా వలీ దర్గా ఈ పక్కనే ఉందా? చెరువు కట్టినాయన ఇక్కడ, దిగిన బాటసారి ఇక్కడ. "మధ్యలో నీళ్లొక్కటే తక్కువ" అని చెయ్యి తిప్పేస్తాడు, నీళ్లేదో వంటలో ఇంగువ అయినట్టు.

బకింగ్‌హాం కాలువ సంగతి ఎత్తుకున్నప్పుడు మాత్రం నేను నోరు మూసుకుని వింటాను, ఎందుకంటే అక్కడ ఆయన చెప్పేది నిజం. కాకినాడలో గూటి పడవెక్కిన మనిషి గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, బెజవాడ దగ్గర కృష్ణ, కొమ్మమూరు కాలువ దాటి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాంలో పడి, పులికాట్ మీదుగా మద్రాసు చేరే రోజులుండేవి. పడవలోనే వంట, పడవలోనే పడక, గాలి ఉంటే తెరచాప, లేకపోతే కళాసీలు గట్టున నడుస్తూ తాడు పట్టి లాగడం. ఉప్పూ కట్టెలూ మద్రాసుకు వెళ్లింది ఆ దారినే. ఆ కాలువలో కొంత మేర 1876-78 నాటి ధాత కరువులో గంజి కోసం వచ్చిన కూలీలు తవ్వారు, పేరు మాత్రం గవర్నరు దొర పెట్టుకున్నాడు. ఇంత చెప్పి సరంగు గారు, "పడవలో కాపురం అమెరికా వాడు మనకు నేర్పాలా అండీ" అని బల్ల గుద్దుతాడు. మేనల్లుడి ఫొటోలు అప్పుడు గుర్తుండవు. ఆ గోదావరి, కృష్ణా కాలువల్లో కూడా వేసవిలో నీళ్లుండవనీ, మరమ్మతులకని కట్టేస్తారనీ నేను గుర్తు చెయ్యను. పెద్దమనిషి, బీపీ ఉంది.

ఒకసారి హుస్సేన్‌సాగర్ ఒడ్డున సెయిలింగ్ వాళ్ల దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బూ, సైన్యం వాళ్ల ఈఎంఈ సెయిలింగ్ సంఘమూ అక్కడివే. పదేళ్ల పిల్ల ఒకతె లైఫ్ జాకెట్ విప్పుతూ, "అంకుల్, మీ బోట్ ఏ క్లాస్?" అని అడిగింది. ఈయన మీసం సవరించుకుని "ఫస్ట్ క్లాస్" అన్నాడు. ఆ పిల్ల నవ్వాపుకుని వివరంగా చెప్పింది. పడవల్లో లేజర్ అని ఒక క్లాసు, ఆప్టిమిస్ట్ అని ఇంకొకటి. ఆప్టిమిస్ట్ అంటే ఆశావాది. ఆ తరగతి పోటీల్లోకి పదిహేనేళ్లు దాటినవాళ్లను రానివ్వరట. సరంగు గారు వెంటనే ఏమీ అనలేదు. ఆటో ఎక్కాక, "అన్యాయం కదండీ" అన్నాడు. అక్కడే ఇంకో సంగతీ తెలిసింది. మన దగ్గర పెద్ద పోటీలు జరిగేది వానాకాలంలో, జూలై ఆ దరిదాపుల్లో. గాలి అప్పుడే కుదురుతుందట. అది ఆయన విననట్టే ఉన్నాడు.

ఇక నిర్మాతల సంగతి. రెండు మూడేళ్లకొకసారి ఎవరో ఒక కొత్త నిర్మాత, చేతిలో నాలుగు ప్లాట్లు అమ్మిన డబ్బుతో, ఈ సబ్జెక్టు వింటాడు. ఒక నెరేషన్‌కు నేనూ ఉన్నాను. అరగంట శ్రద్ధగా విన్నాక ఆయన అడిగాడు: "శ్రీశైలం డ్యామ్ దగ్గర పడవ ఎలా దాటుద్దండీ?"

సరంగు గారు ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు వెనక్కి వాలి, "ఇంటర్వెల్" అన్నాడు.

గదిలో అందరం చప్పట్లు కొట్టాం. నిర్మాత కొట్టలేదు. ప్లాట్లు కొలిచిన మనిషి కదా, వేళ్లు మడిచి లెక్కేశాడు. "శ్రీశైలం ఒకటి, సాగర్ ఒకటి, కింద పులిచింతల. డ్యాములు మూడున్నయ్, ఇంటర్వెల్ ఒకటే."

"వెబ్ సిరీస్ చేద్దాం" అన్నాడు సరంగు గారు, రెప్ప కొట్టకుండా.

ఆ రెప్ప కొట్టకపోవడానికే లొకేషన్ రెక్కీకి డబ్బులొచ్చాయి. మే నెల మధ్యలో, బేటాతో సహా. జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, అక్కణ్నుంచి సోమశిల. అద్దె కారు డిక్కీలో దుప్పట్లూ, లాంతరూ, కారు మీద లంగరూ. రేవు అనుకున్న చోట దిగితే ఎదురుగా నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి, దాని మీద పక్కకు ఒరిగి పడుకున్న పడవలు, ఎక్కడో దూరంగా కృష్ణ. చుట్ట కాలుస్తున్న పడవాయన మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "పడవల తిరగాల్నంటే ఆగస్టుల రాండి సారు. ఇప్పుడు నీళ్లు యాడున్నయి?" అన్నాడు. మరీ చిన్నబుచ్చడం ఇష్టంలేక, "సంగమేశ్వరం గుడి తేలింది, పోయి మొక్కుకోండి" అని కూడా అన్నాడు. ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం నీళ్లలో మునిగి ఉండి, మట్టం బాగా పడిపోయాక వేసవిలో బయటపడే గుడి అది. లోపల వేపచెక్క లింగం. మా సరంగు గారు పడవ కోసం మొక్కుకోవాల్సిన దేవుడు, నీళ్లు పోతే తప్ప దర్శనమివ్వడు!

అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఒరిగిన పడవల్లో కాస్త తిన్నగా ఉన్నదాన్ని రాత్రికి అద్దెకు మాట్లాడాడు. దాని యజమానికి ఇంత సులువైన బేరం ఎప్పుడూ తగిలి ఉండదు. డీజిలు లేదు, సరంగు లేడు, పడవ కదలదు. లాంతరు వెలిగించి, లంగరు వేసి, నక్షత్రాలు చూస్తూ పడుకున్నాం. పడవ ఒక పక్కకు వాలి ఉండటంతో నేను రాత్రంతా ఆయన మీదికి దొర్లుతూనే ఉన్నాను. "అలల మీద ఉన్నట్టే ఉంది కదండీ" అన్నాడు. తెల్లవారుజామున మేకల పిల్లవాడొకడు తట్టి లేపాడు. "సార్, మీ లంగరు గాలికి కొట్టుకపోతాంది."

పడవలో కాపురం ఎలా ఉన్నా, ఊళ్లు తిరగడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. ప్రతి ఊరూ ఆయనకు టిఫిన్ ద్వారా తెలుసు. కొల్లాపూర్‌లో ఏ బండి మీద మిర్చి బాగుంటుంది, సున్నిపెంటలో ఏ హోటల్లో ఇడ్లీ పదింటికే అయిపోతుంది, సాగర్‌లో హిల్ కాలనీ కాఫీ మేలా, పైలాన్ కాలనీ కాఫీ మేలా, అన్నీ నోటిలెక్క. కాఫీ తాగుతూ పక్క బల్ల మీది వాళ్లతో కలిసిపోతాడు. ముంపులో ఊరు పోయిన ముసలాయన, తన పాత ఇల్లు ఏ పక్కన మునిగిందో వేలుపెట్టి చూపిస్తుంటే రెండు గంటలు కదలకుండా విన్నాడు, సబ్జెక్టు ఊసే ఎత్తలేదు. ఆ రెండు గంటలు మా రెక్కీలో ఉన్న ఒకే ఒక్క మంచి సీను అని నా అభిప్రాయం. నిర్మాతకు మాత్రం మేం తెచ్చి ఇచ్చింది రెండు పెట్టెల కొల్లాపూర్ మామిడిపళ్లు. పళ్లు తిన్నాడు, ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చింది. పైనుంచి వరద, శ్రీశైలం గేట్లెత్తారని పేపర్లో పెద్ద ఫొటో. పట్టికలో పక్క గడి, పూర్తి మట్టాన్ని దాదాపు తాకుతోంది. చూడాల్సిన మనిషి టీకొట్టులో లేడు. శ్రావణంలో ముహూర్తాలుంటాయి, ముహూర్తాలుంటే ఆయనలాంటి కోడైరెక్టర్లకు పని దొరుకుతుంది. ఊరవతల స్టూడియోలో ఉన్నాడంటే చూద్దామని వెళ్లాను.

ఫ్లోరు మధ్యలో గ్రీన్ మ్యాట్. దాని మీద పడవ, నిజంగానే తెరచాప ఉన్న పడవ. నలుగురు కుర్రాళ్లు తలో మూలా పట్టుకుని ఊపుతున్నారు. హీరోయిన్ జుట్టు ఎగరడానికి ముందు నుంచి ఒక ఫ్యాను, తెరచాప ఉబ్బడానికి వెనక నుంచి ఒక ఫ్యాను. సరంగు గారు చేతిలో ప్యాడ్ పట్టుకుని డైరెక్టరు కుర్రాడితో పోట్లాడుతున్నాడు.

"ఒక పడవ మీద రెండు గాలులేంటి బాబూ?"

"ఎవడు చూస్తాడు సార్, హీరోయిన్‌ని చూస్తారు."

"కొల్లేటివాడు చూస్తాడు."

షాటు ఆ రెండు గాలులతోనే ఓకే అయింది. లంచ్ అన్నారు, అందరూ ప్లేట్ల వైపు వెళ్లిపోయారు. సరంగు గారు కాసేపు అటూ ఇటూ చూసి, ప్యాడ్ కింద పెట్టి, ముందున్న ఫ్యాను తనే ఆపేశాడు. వెనకదాన్ని కాస్త పక్కకు తిప్పమన్నాడు. ప్యాంటు మడిచి పడవెక్కి, చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. తెరచాప ఒకసారి తటపటాయించి, నిండుగా ఒక పక్కకు ఉబ్బింది. ఆయన తాడు రెండు జానలు వదిలి, మళ్లీ జానెడు లాగాడు, ఎవరూ చెప్పకుండానే.

ఫ్యాను దగ్గరి కుర్రాడికి ఆకలేస్తోంది. "ఎక్కడిదాకా సార్?" అన్నాడు.

"సోమశిల రానీ. టిఫిన్‌కి దిగుదాం."