ఎనిమిదిన్నర పద్యానికి టీకా తాత్పర్యాలు

ఎనిమిదిన్నరయని యింటిలో గూర్చుంటి
ముందు షోయె యింక ముగియలేదు
మారవచ్చుననుచు మడత పేజీలోన
చిన్న యక్షరాల జెప్పినారు

అవతారిక: ఆస్ట్రేలియా దేశపు గృహస్థు ఒకడు టీవీ ఎదుట సోఫాలో ఆసీనుడై, విరక్తి పుట్టి చెప్పిన ఆటవెలది ఇది. చూడబోయిన ఆట వెలితి పడింది గనుక ఛందస్సు ఎంపిక ఉచితమే. కవి కాలం మీద వివాదం ఉంది. ఆ దేశంలో టీవీ 1956 సెప్టెంబరు 16న సిడ్నీలో ఛానల్ నైన్‌తో మొదలైంది. రంగులు వచ్చింది 1975 మార్చి 1న. పద్యంలో రంగుల ఊసు లేదు గనుక ఇది 1975కు ముందుదని కొందరంటారు. కోపంలో ఉన్నవాడికి రంగులు కనబడవు గనుక ఆ వాదం నిలవదు. పేజీ ప్రస్తావన ఉంది గనుక కాగితపు గైడు బతికున్న కాలానిదని మాత్రం ఒప్పుకోవచ్చు.

ప్రతిపదార్థం: ఎనిమిదిన్నర అని = రాత్రి 8.30కే మొదలవుతుందని నమ్మి; ఇంటిలోన్ = స్వగృహమందు; కూర్చుంటిన్ = గిన్నెలు కడగడం రేపటికి వాయిదా వేసి కూర్చుంటిని; ముందు షోయె = అంతకు ముందరి కార్యక్రమమే; ఇంకన్ = గోడ గడియారం 8.40 చూపుతున్నప్పటికీ; ముగియలేదు = విజేత పేరు చెప్పేముందు మరొకసారి ప్రకటనలకు వెళ్లినది; మడత పేజీలోన్ = వారపు గైడులో పిన్ను పడేచోట; చిన్న అక్షరాలన్ = భూతద్దానికి మాత్రమే గోచరించు లిపిలో; చెప్పినారు = చెప్పి చేతులు దులుపుకొనిరి.

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: కవి ఏడున్నర అనక, తొమ్మిది అనక, ఎనిమిదిన్నరే ఎందుకన్నాడు? గణాల కోసమని తేల్చేయడం పాపం. ఆ దేశంలో పెద్దలు మాత్రమే చూడదగినవి 8.30 దాటాకే వేయాలని చాలాకాలం నియమం ఉండేది. 1972 మార్చి 13న మొదలైన 'నంబర్ 96' అనే సీరియల్, ఒక అపార్టుమెంటు వాసుల ఒంటినీ ఇంటినీ దాచకుండా చూపించి దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది ఆ వేళలోనే. పిల్లలను పడుకోబెట్టి పెద్దలు ఊపిరి పీల్చుకునే ముహూర్తం అది. అందుకే ఆలస్యమైతే కోపం రెట్టింపు.

పైగా ఎవరి ఎనిమిదిన్నర? మూడేళ్లు వేసవి గడియారం వాడి చూసిన క్వీన్స్‌లాండ్ వారు 1992లో ఓటు వేసి మరీ వద్దన్నారు. న్యూ సౌత్ వేల్స్ వారు మానలేదు. కనుక ఎండాకాలంలో సరిహద్దు ఊళ్లలో వీధికి ఇటు 8.30, అటు 7.30. కవి 'ఇంటిలో' అని ఇల్లు చెప్పి ఊరు చెప్పకపోవడం లోపమే.

'ముందు షోయె' అన్నచోట ఒక పూర్వపక్షం. ఆలస్యం దైవికం కారాదా? కాదని సిద్ధాంతం. షో 8.43కి ముగిస్తే, పక్క ఛానల్లో 8.30కి మొదలైన నాటకం అప్పటికే ఊపందుకుని ఉంటుంది. సగంలో వెళ్లి ఎవరు చూస్తారు? ప్రేక్షకుడు ఉన్నచోటే ఉంటాడు, రేటింగు ఉన్నచోటే ఉంటుంది. పక్కవాడికీ ఇదే శాస్త్రం వచ్చు గనుక వాడూ ఆలస్యం చేస్తాడు. వంటపోటీల కాలానికి ఈ విద్య పరాకాష్ఠ చేరింది. 2010 జులై 25న జూలియా గిలార్డ్, టోనీ అబట్‌ల ఎన్నికల చర్చ ఉండగా, అదే రాత్రి 'మాస్టర్‌షెఫ్' తుది పోటీ పడింది. చర్చను గంట ముందుకు జరిపి 6.30కి పెట్టుకున్నారు. ప్రధాని కుర్చీ ఎవరిదో తేల్చే మాటలు తాలింపుకు దారి ఇచ్చాయి.

'ముగియలేదు' అనే క్రియకు ప్రత్యుదాహరణ కూడా చూపాలి. 1992 సెప్టెంబరు 3న నైన్‌లో ఇంటి వీడియోల్లో కాస్త అల్లరివి ఏరి కూర్చిన కార్యక్రమం నడుస్తోంది. నైన్ యజమాని కెర్రీ ప్యాకర్ దాన్ని చూసి, స్వయంగా స్టేషన్‌కు ఫోను చేసి, ఆపేయమన్నాడు. సాంకేతిక లోపమని చెప్పి 'చీర్స్' పాత ఎపిసోడు వేశారు. మిగతా సగం ప్రజలు చూసింది 2008లో. వ్యాకరణంలో దీనికి లకారం లేదు.

ఇక 'మారవచ్చును'. పద్యానికి ఇదే ప్రాణం. ఆ దేశస్థులను పాత టీవీ గురించి కదిపి చూడండి, కథ మరిచిపోయి గంట మాత్రం చెబుతారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఏబీసీ ఛానల్లో పాటల 'కౌంట్‌డౌన్', రాత్రి ఏడింటికి వార్తలు. ఆ ఏడింటి వార్తలనే 1985లో ఏబీసీ కదిపింది. 'ది నేషనల్' అని పేరు మార్చి 6.30కి జరిపింది. జనం జరగలేదు. ఏడాది తిరిగేలోగా వార్తలే మళ్లీ ఏడింటికి వచ్చాయి. మారవచ్చునన్నది ఛానళ్లకే గాని ప్రేక్షకులకు వర్తించదని దీని వల్ల తెలుస్తోంది.

మారితే మేలు జరిగిన సందర్భమూ ఉంది. 'నైబర్స్' అనే సీరియల్ 1985లో సెవెన్ ఛానల్లో పుట్టింది. ఆ ఏడే సెవెన్ వదిలేసింది. 1986 జనవరిలో టెన్ ఛానల్ పెంచుకుంది, బిడ్డ ప్రపంచమెక్కింది. 2011లో అదే టెన్ దాన్ని 'ఇలెవెన్' అనే చిన్న ఛానల్‌కు పంపింది. వదిలేసినవాళ్లనీ పెంచుకున్నవాళ్లనీ విడివిడిగా తిట్టనక్కరలేకుండా పోయింది.

నామానికీ రూపానికీ విరోధం చూపాలంటే 'హే హే ఇట్స్ సాటర్‌డే' ఉంది. 1971లో శనివారం ఉదయం పిల్లల కోసం మొదలై, 1984లో శనివారం రాత్రికి మారి, 1999లో ఆగిపోయింది. 2009లో రెండు ప్రత్యేక సంచికలతో తిరిగొచ్చింది, బుధవారం నాడు. పేరులో శనివారమని చాటుతూ బుధవారం రావడాన్ని విరోధాభాసాలంకారం అంటారు. వార్షిక పరీక్షలో ఉదాహరణగా రాయవచ్చు.

'మడత పేజీ'కి వద్దాం. మెల్బోర్న్ వారికి గురువారం 'ది ఏజ్'తో వచ్చే గ్రీన్ గైడు, సిడ్నీ వారికి సోమవారపు గైడు, ఊరూరా 'టీవీ వీక్'. పెన్ను పట్టుకుని చూడవలసినవాటికి సున్నాలు చుట్టేవారు. ఆ ముద్రణ నమ్మి వీసీఆర్‌కు టైమరు పెట్టి పెళ్లికి వెళ్లినవాడికి టేపులో ముందరి షో చివర అందంగా పడేది, కావలసిన నాటకంలో హంతకుడెవరో మాత్రం పడేది కాదు.

ఈ జాబితా ఎవరి సొత్తని కోర్టుకూ వెళ్లారు. ఐస్‌టీవీ అనే ఎలక్ట్రానిక్ గైడు సంస్థ మీద నైన్ కాపీరైటు దావా వేస్తే, 2009 ఏప్రిల్ 22న హైకోర్టు, అంటే అక్కడి సర్వోన్నత న్యాయస్థానం, ఐస్‌టీవీ పక్షాన తీర్పు చెప్పింది. ఫలానా వేళకు ఫలానా షో అన్నది సమాచారం. దాన్ని చెప్పే తీరులో సొంత సృష్టి దాదాపు లేదు అని సారాంశం. మన పరిభాషలో, వక్రోక్తి లేదు గనుక కావ్యం కాదు. ఈ వ్యాఖ్యాత ఒప్పుకోడు. 8.30 అని అచ్చువేసి 8.43కి మొదలుపెట్టడం వక్రోక్తి కాకపోతే వక్రోక్తే కావ్యానికి ప్రాణమంటూ కుంతకుడు గ్రంథం రాయడం వృథా.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని నిత్యం పఠించేవారికి షో సకాలంలో మొదలవుతుందని చెప్పలేం. పాత వీసీఆర్ ఇంకా అటక మీద ఉన్నవారు టైమరుకు ముందు పది నిమిషాలు, వెనుక అరగంట కలిపి పెట్టుకోవలెను. టేపు నాలుగు గంటలదై ఉండవలెను.